పాత ట్రాక్టర్ విలువ కట్టేది ఇలా

"ఇది వందేళ్ళ నాటి బండి, ఎంత పలుకుతుంది?" అంటూ ఫొటోలు పంపుతుంటారు నాకు. వయసు ఒక్కటే చూసి ధర చెప్పలేం. ఫోర్డ్‌సన్ మోడల్ ఎఫ్ 1917లో వచ్చింది. ఏడు లక్షలకు పైగా తయారయ్యాయి కాబట్టి వెతికితే ఇప్పటికీ దొరుకుతుంది. 1938లో వచ్చిన మినియాపొలిస్-మోలీన్ యూడీఎల్‌ఎక్స్ వయసులో దానికంటే చిన్నదే. కానీ మూసిన క్యాబిన్, లోపల హీటర్, రేడియో! పగలు పొలం దున్ని, సాయంత్రం అదే బండిలో షికారుకు పోవచ్చన్నది కంపెనీ ఆలోచన. రైతులకు ఆ సోకు, ఆ ధర రెండూ నచ్చలేదు. 150 దాకా తయారై ఆగిపోయింది. ఆనాడు అమ్ముడుపోని ఆ బండి కోసం ఇవాళ పాత బళ్ళు సేకరించే కలెక్టర్లు పోటీ పడతారు.

అందుకని ముందు ఎన్ని తయారయ్యాయో, ఎన్ని మిగిలాయో కనుక్కోండి. ఆ తర్వాత, అదే మోడల్లో ఇది ఏ రకమో చూడండి. అసలు తేడా ఇక్కడే వస్తుంది. జాన్ డియర్ మోడల్ డి 1923 నుంచి 1953 దాకా వచ్చింది. తొలి ఏళ్ళలో దాని ఫ్లైవీల్‌కు (ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రానికి) చువ్వలుండేవి, తర్వాత నిండు చక్రంగా మార్చారు. చువ్వల ఫ్లైవీల్ ఉన్నదానికి గిరాకీ వేరు.

చూడటానికి వెళ్ళేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకోండి. 1939లో ఫోర్డ్ 9ఎన్ మొదలైనప్పుడు, రేకు ఒత్తే అచ్చులు సిద్ధం కాక మొదటి కొన్ని వందల బళ్ళకు అల్యూమినియం బానెట్ బిగించారు. అయస్కాంతం అంటుకోలేదంటే మీ అదృష్టం పండినట్టే. మామూలు రేకు బానెట్ మీద కూడా దాన్ని జరుపుతూ పోండి. ఎక్కడైనా పట్టు తప్పితే, తుప్పు తిన్న చోట లప్పం నింపి రంగు కొట్టారేమోనని అనుమానించండి.

రంగంటే గుర్తొచ్చింది. ఫార్మాల్ ట్రాక్టర్లు 1936 దాకా బూడిద రంగులోనే వచ్చేవి, ఎరుపు ఆ తర్వాతిది. 1930 నాటి ఫార్మాల్ ఎర్రగా మెరుస్తుంటే మధ్యలో ఎవరో రంగు మార్చారన్నమాట. ఫ్యాక్టరీ రంగు వెలిసిపోయి, అక్కడక్కడా లేచిపోయి ఉన్నా సరే, తళతళలాడే కొత్త పెయింట్ కంటే నాకు అదే ముద్దు. చాలామంది కలెక్టర్లదీ ఇదే మాట. అమ్మేముందు పెయింట్ కొట్టించి విలువ పెంచానని మురిసిపోయేవాళ్ళకు ఏం చెప్పాలో తోచదు.

చక్రాల దగ్గర వంగి చూడండి. 1932లో ఆలిస్-చామర్స్ గాలి టైర్లతో ట్రాక్టర్ తెచ్చాక, చాలామంది పాత ఇనుప చక్రాల చువ్వలు కోసి, రిమ్ములు వెల్డింగ్ చేయించి రబ్బరు టైర్లు ఎక్కించుకున్నారు. కోయకుండా మిగిలిన ఇనుప చక్రాలు అరుదు. ఫోర్డ్ 2ఎన్‌ది ఇంకో కథ. రెండో ప్రపంచ యుద్ధంలో రబ్బరు కరువై కొన్నిటికి ఇనుప చక్రాలే వచ్చాయి, బ్యాటరీ లేకుండా మాగ్నెటోతో (ఇంజన్ తిరుగుతుంటే నిప్పురవ్వకు కావాల్సిన కరెంటు తనే పుట్టించే పరికరంతో) స్టార్టయ్యేవి. యుద్ధం ముగిశాక చాలామంది వాటిని మార్పించేశారు. అలా మారకుండా ఉన్నది కనిపిస్తే తొందరపడి వదిలేయకండి.

సీరియల్ నంబర్ తప్పక చూడాలి, కానీ గుడ్డిగా నమ్మొద్దు. 2ఎన్ బళ్ళ మీద కూడా నంబర్ 9ఎన్ అనే మొదలవుతుంది. పైగా ఫోర్డ్ ఎన్ బళ్ళకు ఆ నంబర్ ఇంజన్ బ్లాక్ మీద ఉంటుంది, ఇంజన్ మార్చి ఉంటే అది కొత్త ఇంజన్ సంగతే చెబుతుంది. గేర్‌బాక్స్, యాక్సిల్ పోత మీది గుర్తులతో సరిపోల్చుకోండి.

ఇంజన్ పట్టేసిందని బెంగపడక్కర్లేదు, ఓపికుంటే విడిపించొచ్చు. చలికి నీళ్ళు గడ్డకట్టి బ్లాక్ పగిలిందా, ఒరిజినల్ మాగ్నెటో, కార్బ్యురేటర్ పోయాయా అన్నదే టెన్షన్. అరుదైన మోడల్‌కు అవి దొరకడం బండి దొరకడమంత కష్టం.

మొదటిసారి కొంటుంటే ఫెర్గూసన్ టీఈ20 తీసుకోండి. 1946 నుంచి 1956 దాకా ఐదు లక్షలకు పైగా తయారైంది, స్పేర్ పార్టులకు లోటుండదు. దాని మీద పెద్ద లాభం రాదు గానీ, చేయి తిరుగుతుంది.