మార్చి ఫైళ్లు కదిలే ముందు: యూనివర్సిటీలో నిధులు తగ్గితే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

మా అనంతపురం వైపు కరువు వచ్చిందంటే రైతు మొదట చేసే పని, విత్తనానికి ఉంచుకున్న చెనక్కాయల మూటను విడిగా కట్టిపెట్టడం. ఇంట్లో ఎంత ఇబ్బందైనా ఆ మూట విప్పరు. యూనివర్సిటీ అకౌంట్స్ సెక్షన్‌లో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. నిధులు తగ్గిన ప్రతిసారీ మేం చేసింది మాత్రం దీనికి పూర్తిగా తలకిందులు. ఎవరూ గట్టిగా అడగని ఖర్చు ఏదో చూసి, ముందు దాన్నే కోసేవాళ్లం. కొత్త ఆర్థిక సంవత్సరం మొదలయ్యేలోపు హెచ్‌ఓడీలు (డిపార్ట్‌మెంట్ల అధిపతులు), వార్డెన్లు, సెక్షన్ సూపరింటెండెంట్లు కాస్త ముందుగా మేలుకోవాలని ఇది రాస్తున్నాను.

మొదటి జాగ్రత్త: బడ్జెట్‌లో ఉన్న డబ్బు వేరు, చేతికొచ్చే డబ్బు వేరు. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే బ్లాక్ గ్రాంట్ విడతలుగా వస్తుంది. రిలీజ్ ఆర్డర్ వచ్చాక ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్‌ఎంఎస్‌లో బిల్లు పెట్టాలి, అది పాస్ కావాలి, ఆ తర్వాతే ఖాతాలో పడుతుంది. ఫీజుల సంగతీ అంతే. పీజీ సీట్లకు రాష్ట్రమంతటికీ ఒకే ప్రవేశ పరీక్ష, ఏపీ పీజీసెట్, 2021లో వచ్చింది. అప్పటి నుంచి పీజీ అడ్మిషన్లు ఆ కౌన్సెలింగ్ తేదీలను బట్టే జరుగుతున్నాయి. కౌన్సెలింగ్ రెండు నెలలు ఆలస్యమైతే ఫీజు రాబడి కూడా రెండు నెలలు వెనక్కి పోతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల గురించి వేరే చెప్పనక్కర్లేదు. అందుకని ఏడాది మొత్తానికి ఒక అంకె వేసుకుని ధైర్యంగా ఉండొద్దు. పన్నెండు నెలలకు పన్నెండు గడులు గీసి, ఏ నెల ఎంత కచ్చితంగా వస్తుందో, ఎంత తప్పనిసరిగా పోతుందో రాయండి. ఏ నెల ఖాళీగా తేలుతుందో ఏప్రిల్‌లోనే తెలిస్తే దారి వెతుక్కోవచ్చు. ఆగస్టులో తెలిస్తే అప్పే దిక్కు.

ఒక క్యాంపస్ లెక్క ఇంకో క్యాంపస్‌కు పనికిరాదు. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ 1981లో ఏర్పడింది. కడపలో యోగి వేమన 2006లో, కర్నూలులో రాయలసీమ యూనివర్సిటీ 2008లో వచ్చాయి. వయసు మీదపడ్డ యూనివర్సిటీకి పింఛన్ల బరువు ఎక్కువ. కొత్తదానికి వెనకేసుకున్న కార్పస్ తక్కువ. పక్క యూనివర్సిటీలో ఏం కోశారో కనుక్కుని అదే నోట్ మన ఫైల్‌లో పెట్టడం నేను చాలాసార్లు చూశాను. అలా చేయకండి.

ఇక విత్తనం మూట విషయం. అన్ని డిపార్ట్‌మెంట్లకూ ఒకే శాతం కోత అంటే వినడానికి న్యాయంగానే ఉంటుంది, మీటింగ్‌లో గొడవా ఉండదు. కానీ ఒకసారి పోతే మళ్లీ రానివి కొన్ని ఉంటాయి. వాటికి ఈ లెక్క వర్తించదు. నేను కళ్లారా చూసినది చెబుతాను.

2000 ఖరీఫ్‌లో మా జిల్లా చెనక్కాయ పంటను కాండం కుళ్లు వైరస్ తెగులు ముంచేసింది. ఆ దెబ్బ తిన్న ఊళ్ల నుంచి వచ్చిన ఒక స్కాలర్, చాలా ఏళ్ల తర్వాత, చెనక్కాయ వైరస్‌ల మీదే పీహెచ్‌డీకి చేరాడు. మూడు సీజన్లు బస్సుల్లో తిరిగి ఆకుల నమూనాలు తెచ్చి డిపార్ట్‌మెంట్ ఫ్రీజర్‌లో పెట్టుకున్నాడు. ఆ ఏడాది ఖర్చు తగ్గించమని పైనుంచి ఆదేశం వచ్చింది. ఫ్రీజర్ ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) 'వాయిదా వేయవచ్చు' అని నోట్ రాసింది నేనే. జనరేటర్ డీజిల్‌నూ సగానికి తగ్గించాం. మే నెలలో ఒక రెండో శనివారం కరెంటు పోయింది. తిరిగి వచ్చాక కంప్రెసర్ పనిచేయలేదు. సోమవారం పొద్దున తలుపు తీస్తే కవర్లలో నల్లటి నీళ్లు. కవర్ల మీద మార్కర్‌తో రాసిన ఊరిపేర్లు, తేదీలు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ అబ్బాయి ఒక్కొక్కటే బయటికి తీసి, పేర్లు చదివి, బకెట్లో వేశాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ నోట్ వల్ల మిగిలింది కొన్ని వేలు. పోయినవి ఆ అబ్బాయి మూడేళ్లు.

అందుకే కోయకూడని వాటి జాబితాను ముందే రాసి హెచ్‌ఓడీ సంతకంతో ఫైనాన్స్ ఆఫీసర్‌కు పంపండి. నమూనాలు, కల్చర్లు ఉన్న ఫ్రీజర్లు, వాటికి బ్యాకప్ కరెంటు అందులో ఉండాలి. ల్యాబ్‌లో మంట ఆర్పే సిలిండర్లు, హాస్టల్ తాగునీరు, పరీక్షల విభాగం కూడా ఉండాలి. ఎండాకాలంలో బోర్లు అడుగంటితే ట్యాంకర్ల ఖర్చు ఎలాగూ తప్పదు. దాన్ని 'ఇతరములు' కింద దాచకుండా విడిగా చూపించండి. ఇంకొకటి ఎవరికీ తట్టదు. యూజీసీ జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) స్కాలర్లకు డబ్బు యూజీసీ నుంచే వస్తుంది, మన డబ్బు ఒక్క రూపాయి పోదు. కానీ నెలనెలా పోర్టల్‌లో ఇక్కడి నుంచి కన్ఫర్మ్ చేసే మనిషి ఉండాలి. పొదుపు పేరుతో ఆ అవుట్‌సోర్సింగ్ క్లర్క్‌ను తీసేస్తే స్కాలర్ల ఫెలోషిప్ ఆగిపోతుంది.

జీతాల్లోంచి పట్టిన డబ్బును వేరే దానికి వాడుకునే ఆలోచన అస్సలు పెట్టుకోవద్దు. అది మన డబ్బు కాదు. టీడీఎస్ సాధారణంగా మరుసటి నెల 7లోపు, పీఎఫ్ 15లోపు కట్టాలి. పట్టుకున్న టీడీఎస్ ఆలస్యమైతే నెలకు ఒకటిన్నర శాతం వడ్డీ, పీఎఫ్‌కైతే ఏడాదికి 12 శాతం వడ్డీ, దాని మీద జరిమానా. ఏజెన్సీ ద్వారా పెట్టుకున్న స్వీపర్లు, సెక్యూరిటీ వాళ్ల పీఎఫ్ ఏజెన్సీ కట్టకపోతే చివరికి యూనివర్సిటీ మెడకే చుట్టుకుంటుంది. పోయిన నెల పీఎఫ్ చలానా చూడకుండా ఈ నెల ఏజెన్సీ బిల్లు పాస్ చేయొద్దు.

ప్రాజెక్టు డబ్బుతోనూ అంతే జాగ్రత్త. జీతాలు పడని నెలలో, కేంద్రం ఇచ్చిన ప్రాజెక్టు ఖాతాలో లక్షలు కనిపిస్తే చెయ్యి లాగుతుంది. "గ్రాంట్ రాగానే సర్దేద్దాం" అంటారు. సర్దరు. కేంద్ర ఆర్థిక నియమాలు, జీఎఫ్‌ఆర్ 2017 ప్రకారం ఆ డబ్బు మీద వచ్చిన వడ్డీ కూడా కేంద్రానికే జమ చేయాలి. లెక్క తేలక, డబ్బు ఇచ్చిన పనికే వాడామని చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఆగితే తర్వాతి విడత రాదు, ప్రాజెక్టులో ఉన్న పిల్లల జీతం ఆగుతుంది, ఆడిట్ అభ్యంతరం ఏళ్ల తరబడి వెంటాడుతుంది. మరీ అవసరమైతే సొంత ఫిక్స్‌డ్ డిపాజిట్ పగలగొట్టే బదులు దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ ఎంతకు వస్తుందో బ్యాంకును అడిగి, రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. పింఛన్ నిధి డిపాజిట్లను మాత్రం ముట్టుకోవద్దు.

మరి పొదుపు ఎక్కడ చేయాలి? ముందు కరెంటు బిల్లు చూడండి. యూనిట్లు కాదు, డిమాండ్ చార్జీల వరుస చూడండి. హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్‌లో ఆ నెల నమోదైన గరిష్ఠ డిమాండ్, కాంట్రాక్ట్ డిమాండ్‌లో (విద్యుత్ సంస్థతో ఒప్పుకున్న గరిష్ఠ లోడ్‌లో) 80 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి కడతాం. ఎప్పుడో ఆశపడి ఎక్కువ డిమాండ్‌కు ఒప్పందం చేసుకుని, తర్వాత ఒక హాస్టల్ మూసేసి ఉంటే, వాడని కరెంటుకు నెలనెలా కడుతున్నట్టే. పన్నెండు నెలల బిల్లులు ముందేసుకుని, ఏప్రిల్, మే నెలల్లో డిమాండ్ ఎంత వరకు పోయిందో చూసుకోండి. ఆ తర్వాతే, అగ్రిమెంట్ షరతులు చదివి, తగ్గించమని దరఖాస్తు పెట్టండి. మరీ తగ్గిస్తే ఎండల్లో దాటిపోయి పెనాల్టీ పడుతుంది, అదీ ప్రమాదమే.

తర్వాత లైబ్రరీ. 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' 2025 జనవరి నుంచి మొదలైంది. 30 ప్రచురణ సంస్థల జర్నల్స్, దాదాపు 13,000, కేంద్రం ఖర్చుతో ప్రభుత్వ యూనివర్సిటీలకూ అందుతున్నాయి. ఆ జాబితాతో పోల్చి చూడకుండా పాత చందాలు రెన్యువల్ చేయకండి. మిగిలిన దాంతో తెలుగు పుస్తకాలు కొనండి, అవి ఆ పథకంలో రావు.

చివరిగా మనుషుల విషయం. తక్కువ జీతం వాళ్లకు ముందు, ఎక్కువ జీతం వాళ్లకు తర్వాత వేయండి. ఎన్‌ఎంఆర్‌లకు (రోజుకూలీ లెక్కన పనిచేసేవాళ్లకు), గెస్ట్ ఫ్యాకల్టీకి నెలలు ఆపి రెగ్యులర్ జీతాలు ముందు వేసిన రోజులు నాకు తెలుసు, అది తప్పు. ఆలస్యం తప్పదనుకుంటే 25వ తేదీకల్లా తెలుగులో నోటీసు అంటించండి: ఎంత, ఎవరికి, ఏ తేదీకి. ఒక నైట్ వాచ్‌మన్ నా టేబుల్ ముందు నిలబడి అన్న మాట ఇది. "సార్, ఎప్పుడు పడ్తాదో ఆ పొద్దు చెప్పండి చాలు. సేటు దగ్గర వారం వడ్డీకి తెచ్చుకోవాల్నా, నెల వడ్డీకి తెచ్చుకోవాల్నా తెలుస్తాది." ఆ రోజు నా దగ్గర తేదీ లేదు.