సమస్య - పరిష్కారం: క్లస్టర్‌లో నోడ్ దొరికింది, విండో మాత్రం తెరుచుకోవడం లేదు

బరంపురం హాస్టళ్ల నుంచి, సెలవులకి వెళ్లాక పర్లాకిమిడి, రాయగడ ఇళ్ల నుంచి ఫోన్ హాట్‌స్పాట్ మీద లాగిన్ అయ్యే మన విద్యార్థులు ఎక్కువగా అడిగేది ఇదే: "అన్నా, స్లర్మ్ నోడ్ ఇచ్చింది, ప్యారావ్యూ కొడితే కాంట్ ఓపెన్ డిస్‌ప్లే అంటోంది." క్లస్టర్‌లోని కంప్యూటర్లని (నోడ్‌లని) అందరికీ వంతులవారీగా పంచేది స్లర్మ్, ఫలితాలని బొమ్మలుగా చూపేది ప్యారావ్యూ. విండో చూపడానికి తెర దొరకలేదని ఆ ఎర్రర్ అర్థం. ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే కమాండ్), ఎస్‌రన్ (స్లర్మ్‌ని నోడ్ అడిగే కమాండ్) వాడకం మీకు తెలుసనుకునే రాస్తున్నాను.

ముందు లాగిన్ నోడ్‌లో గడియారం

లెక్కలు నడిచే కంప్యూట్ నోడ్ జోలికి పోకముందే, మొదట అడుగుపెట్టే లాగిన్ నోడ్‌లో ఎక్స్‌క్లాక్ (చిన్న గడియారం విండో తెరిచే కమాండ్) కొట్టండి. ఎన్నిసార్లు చెప్పినా దీన్ని దాటేసి, క్యూలో గంటలు కాచుకుని, నోడ్ చేతికొచ్చాక తలపట్టుకుంటారు. గడియారం రాకపోతే స్లర్మ్ తప్పేమీ లేదు. లాప్‌టాప్‌లో ఎక్స్ సర్వర్ (దూరపు విండోలని మీ తెర మీద చూపే ప్రోగ్రామ్) నడవడం లేదు, లేదా ఎస్‌ఎస్‌హెచ్‌కి పెద్ద ఎక్స్ (-X) ఆప్షన్ ఇవ్వలేదు. విండోస్‌లో లాగిన్‌కి మోబాఎక్స్‌టర్మ్ వాడితే ఎక్స్ సర్వర్ దాంతోపాటే వస్తుంది. పుట్టీ వాడేవాళ్లు వీసీఎక్స్‌సర్వ్ లాంటిది విడిగా నడపాలి. ఎకో డాలర్ డిస్‌ప్లే (echo $DISPLAY) కొడితే లోకల్‌హోస్ట్:10.0 లాంటిది కనిపించాలి. ఏమీ రాకపోతే ముందు దీన్ని సరిచేసుకోండి. గడియారం వచ్చాకే ఎస్‌రన్‌కి ఎక్స్11 (--x11) ఆప్షన్ పెట్టి నోడ్ అడగండి.

నిన్న వచ్చిన విండో ఇవాళ రాదు

అసలు తిప్పలు ఇక్కడే. సాయంత్రం గాలివానకి కరెంటు పోతుంది, వైఫై పోతుంది. మళ్లీ లాగిన్ అయి టీమక్స్ (కనెక్షన్ తెగినా షెల్‌ని సర్వర్‌లో బతికించి ఉంచే ప్రోగ్రామ్) అటాచ్ చేస్తారు. పాత షెల్, పాత ఫోల్డర్ ఎక్కడివక్కడే ఉంటాయి. విండో మాత్రం రాదు. వెంటనే క్లస్టర్ పాడైందని మెయిల్ పెడతారు.

పాడైంది ఏమీ లేదు. లాగిన్ అయిన ప్రతిసారీ ఎస్‌ఎస్‌హెచ్ ఖాళీగా ఉన్న డిస్‌ప్లే నంబర్ (విండో ఏ దారిన మీ తెరకి రావాలో చెప్పేది) ఒకటి ఇస్తుంది. మామూలుగా 10 నుంచి మొదలు. నిన్న మీకు 13 వచ్చింది, ఇవాళ 10 వచ్చింది. టీమక్స్‌లోని పాత షెల్ మాత్రం ఇంకా 13నే పట్టుకుని ఉంది. ఖాళీ చేసిన ఇంటి అడ్రసుకి ఉత్తరం వేసినట్టే. ఆ 13లోకి ఈలోపు ఇంకొకరు వచ్చి ఉంటే ఎర్రర్ కూడా మారిపోతుంది: ఇన్‌వాలిడ్ మ్యాజిక్ కుకీ అనో, రాంగ్ ఆథెంటికేషన్ అనో అంటుంది. అది చూసి పాస్‌వర్డ్ మార్చకండి, ఆ కుకీలు ఉండే ఎక్స్‌అథారిటీ ఫైల్ చెరిపేయకండి.

అటాచ్ చేసినప్పుడు టీమక్స్ కొత్త నంబర్ తెలుసుకుంటుంది, కానీ అప్పటికే తెరిచి ఉన్న షెల్‌కి చెప్పదు. అందుకే కంట్రోల్ బీ, తర్వాత సీ కొట్టి కొత్త విండో తెరిస్తే అందులో గడియారం చక్కగా వస్తుంది. పాత షెల్‌లోనే ఉండాలనుకుంటే టీమక్స్ షో-ఎన్విరాన్‌మెంట్ డిస్‌ప్లే కొట్టి, వచ్చిన విలువని ఎక్స్‌పోర్ట్ చేయండి. డిస్‌ప్లే పేరు ముందు మైనస్ గుర్తు కనిపించిందంటే ఈసారి పెద్ద ఎక్స్ లేకుండా లాగిన్ అయ్యారన్నమాట. టీమక్స్ బదులు స్క్రీన్ అనే ప్రోగ్రామ్ వాడేవాళ్లకి ఈ సాయం కూడా లేదు. కొత్త నంబర్ చేత్తో ఇవ్వాల్సిందే.

ఇంకొక్క మాట. కనెక్షన్ తెగకముందే ఎస్‌రన్‌తో తీసుకున్న నోడ్ ఉంటే, దాని ఎక్స్11 దారి కూడా పాత నంబర్‌కే కట్టి ఉంటుంది. లోపల ఏం ఎక్స్‌పోర్ట్ చేసినా లాభం లేదు. బయటికొచ్చి కొత్తగా నోడ్ అడగాలి. అందుకే పెద్ద లెక్కని ఎప్పుడూ విండోలో నడపకండి. కనెక్షన్ తెగితే విండో ప్రోగ్రామ్ కూడా పోతుంది, రాత్రంతా నడిచిన పని మట్టిలో కలుస్తుంది. లెక్క ఎస్‌బ్యాచ్‌కి (పనిని క్యూలో పెట్టి, విండో లేకుండా నడిపే స్లర్మ్ కమాండ్) ఇవ్వండి, విండో ఫలితం చూడ్డానికి ఉంచుకోండి. గంటల తరబడి విండోలోనే పని ఉంటే, మీ క్లస్టర్‌లో వీఎన్‌సీ (సర్వర్‌లోనే నడిచే డెస్క్‌టాప్) ఉందేమో అడగండి. నెట్ పోయినా అది అక్కడే బతికి ఉంటుంది.

మిగతావి

కాసేపు బాగానే ఉండి, 20 నిమిషాల తర్వాత కొత్త విండోలు ఆగిపోతే అది పెద్ద ఎక్స్ ఆప్షన్‌కి ఉన్న గడువు. నమ్మకమైన సర్వర్ అయితే పెద్ద వై (-Y) వాడండి.

లాగిన్‌లోనే ఎక్స్‌ఆథ్ లాకింగ్ ఎర్రర్ వస్తే హోమ్ కోటా (మీ ఫోల్డర్‌కి ఇచ్చిన జాగా) నిండిందేమో చూడండి.

లోకల్ డిస్‌ప్లేకి ఫార్వర్డ్ చేయలేనని స్లర్మ్ అంటే, బ్యాష్ఆర్‌సీలో (షెల్ తెరిచినప్పుడు నడిచే ఫైల్) ఎప్పుడో పెట్టిన ఎక్స్‌పోర్ట్ డిస్‌ప్లే లైన్ వెతికి తీసేయండి.

లాగిన్ నోడ్‌లో గడియారం వచ్చి, కొత్తగా తీసుకున్న ఏ కంప్యూట్ నోడ్‌లోనూ రాకపోతే స్లర్మ్ సెట్టింగుల్లోని ప్రోలాగ్ ఫ్లాగ్స్‌లో ఎక్స్11 లేకపోయి ఉండొచ్చు. అది అడ్మిన్ చూడాల్సిన పని. గడియారం ఎక్కడ వచ్చిందో, ఎక్కడ రాలేదో రాసి పంపండి.