తక్కువ ఖర్చులో ఫొటో ఎడిటింగ్ కంప్యూటర్ – 5వ పాఠం: ముందు ర్యామ్ సంగతి తేలాలి

ఈసారి ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే డిస్క్) బిగించడం, లైట్‌రూమ్ (ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) అమరికలు చెబుతానని మాటిచ్చాను. కానీ పోయిన పాఠం చూసి మదర్‌బోర్డు బిగించినవాళ్లలో చాలామందికి ఫ్యాన్లు తిరిగాయి, తెర మాత్రం వెలగలేదు. వెలిగినవాళ్లలో కొందరికి అంకెలు చూసి టెన్షన్ పట్టుకుంది. ముందు ఆ లెక్క తేల్చుకుందాం. అందులో ఎక్కువ భాగం ర్యామ్ (పని జరుగుతున్నంతసేపూ డేటా ఉంచుకునే మెమరీ) గురించే. ఎస్‌ఎస్‌డీ చివర్లో, కుదిరినంత.

నల్లతెర వాళ్లు ముందు ప్రాసెసర్ డబ్బా చేతిలోకి తీసుకోండి. మన జాబితాలో ఉన్నది రైజన్ 5 5600జీ. చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొందరికి జీ లేని 5600 ఇచ్చి, ‘ఇదే ఫాస్ట్ సార్’ అన్నారు. ఆ మాట అబద్ధం కాదు. దాని ఎల్3 క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే వేగమైన చిన్న మెమరీ) 32 ఎంబీ, జీ ఉన్నదానికి 16 మాత్రమే. కాకపోతే 5600లో గ్రాఫిక్స్ లేదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు పెట్టకపోతే తెర మీదికి బొమ్మ రాదు. ఇంటెల్ తీసుకున్నవాళ్లకూ ఇదే గొడవ. 12400 అయితే సరే, 12400ఎఫ్ అయితే కార్డు ఉండాల్సిందే. షాపువాళ్లు మార్చి ఇస్తే మార్చుకోండి, ఇవ్వకపోతే గొడవకు దిగకండి. ఓ మామూలు కార్డు కొనుక్కోండి, ఆ డబ్బు వృథా కాదు. లైట్‌రూమ్‌లో నాయిస్ తీసే ఏఐ డీనాయిజ్ బరువంతా గ్రాఫిక్స్ కార్డు మీదే పడుతుంది.

కార్డు ఉన్నవాళ్లు హెచ్‌డీఎంఐ వైరును కార్డుకే పెట్టాలి, బోర్డుకు కాదు. బోర్డు పైన ఎడమ మూల, ప్రాసెసర్ పక్కన ఎనిమిది పిన్నుల కరెంటు సాకెట్ ఉంటుంది. అందులో ఎస్‌ఎమ్‌పీఎస్ (కరెంటు సరఫరా చేసే డబ్బా) వైరు పెట్టకపోయినా ఫ్యాన్లు తిరుగుతాయి కాబట్టి అంతా బాగానే ఉందనిపిస్తుంది. అదీ చూడండి. (క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఎస్‌ఎమ్‌పీఎస్ వాడుతున్నవాళ్లు దాన్ని పక్కన పెట్టేయండి. ఈ విషయంలో నాతో బేరాలు వద్దు.)

డీడీఆర్5 (కొత్త తరం ర్యామ్) బోర్డు కొన్నవాళ్లకు ఒక మాట. మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు ర్యామ్‌ను పరీక్షించి సర్దుకుంటుంది. దానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు, అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. మధ్యలో కంగారుపడి స్విచ్ ఆపితే మళ్లీ మొదటికొస్తుంది. ఆన్ చేసి వెళ్లి కాఫీ పెట్టుకోండి.

ఇవన్నీ సరిగ్గానే ఉండి, బోర్డు మీద డీర్యామ్ అని రాసిన చోట చిన్న దీపం వెలుగుతూ ఉంటే ర్యామ్ పూర్తిగా దిగలేదన్నమాట. నాకు వచ్చిన ఫొటోల్లో ఎక్కువగా కనిపించింది ఇదే. ఒక చివర క్లిక్‌మని పడి, రెండో చివర వెంట్రుకవాసి పైకి ఉంటుంది. పైనుంచి చూస్తే తెలియదు. కళ్లను స్లాటుకు సమానంగా దించి పక్కనుంచి చూడండి. బంగారు రంగు గీత ఒకవైపు కనిపిస్తూ ఉంటే అది దిగనట్టే. ర్యామ్ స్టిక్ తీసి, బోర్డును దాని అట్టపెట్టె మీద పెట్టి, రెండు బొటనవేళ్లతో రెండు చివర్లా ఒకేసారి నొక్కండి. బోర్డు కొంచెం వంగుతుంది, భయపడకండి. కొన్ని బోర్డులకు ఒకవైపే లాక్ ఉంటుంది. రెండో వైపు క్లిక్ వినిపించదు, చేత్తో తడిమి చూడాల్సిందే. పాత స్టిక్ తెచ్చుకున్నవాళ్లు దాని కాంటాక్టులను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి పెట్టండి. తిరువాన్మియూర్, బెసంట్ నగర్ లాంటి సముద్రగాలి తగిలే ఇళ్లలో పడి ఉన్న స్టిక్‌లకు ఇది తప్పనిసరి.

ఇక తెర వెలిగినవాళ్ల టెన్షన్లు. ‘32 జీబీ కొంటే 30 చిల్లరే వాడుకోవచ్చని చూపిస్తోంది, మోసం చేశారా?’ లేదు. 5600జీలోని గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, మీ ర్యామ్‌లోంచే కొంత తీసి పక్కన పెట్టుకుంటుంది. ‘ర్యామ్ మీద వేగం 3200 అని రాసి ఉంది, సీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్‌లో 1600 దగ్గరే చూపిస్తోంది.’ అదీ సరైనదే. డీడీఆర్ మెమరీ ఒక్కో క్లాక్‌కు రెండుసార్లు డేటా పంపుతుంది, 1600ను రెండింతలు చేస్తే 3200. కానీ అక్కడ 1066 గానీ 1200 గానీ కనిపిస్తే మాత్రం పని మిగిలి ఉంది. కంప్యూటర్ ఆన్ అవుతుండగా డిలీట్ కీ నొక్కి బయాస్‌లోకి (బోర్డు అమరికల తెర) వెళ్లి ఎక్స్‌ఎమ్‌పీ (ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే అమరిక) ఆన్ చేయండి. కొన్ని బోర్డుల్లో దాన్నే డీఓసీపీ అంటారు, ఏఎమ్‌డీ డీడీఆర్5 బోర్డుల్లో ఎక్స్‌పో. అది ఆన్ చేయకపోతే డబ్బు పోసి కొన్న వేగం వాడుకోనట్టే.

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టిన విషయం. ‘16 జీబీ ఒక్క స్టిక్ చాలు సార్, తర్వాత ఇంకోటి వేసుకోవచ్చు.’ ఈ మాట నమ్మి ఒక్క స్టిక్‌తో ఇంటికొచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. ర్యామ్ ధరలు 2025 చివర్నుంచి మండిపోతున్నాయి, మీ మీద తప్పు పెట్టను. కానీ మన పని ఫొటోలతో, కాబట్టి దీన్ని ఓపిగ్గా చదవండి.

24 మెగాపిక్సెల్ ఫొటో అంటే 6000 అడ్డం, 4000 నిలువు. మొత్తం 2 కోట్ల 40 లక్షల పిక్సెళ్లు. ఫొటోషాప్‌లో 16 బిట్‌లో తెరిస్తే ఒక్కో పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటికీ రెండేసి బైట్లు, అంటే ఆరు. లెక్క కడితే 144 ఎంబీ. కెమెరా కార్డులో ఆ రా ఫైలు (ప్రాసెస్ చేయని ముడి ఫొటో) 25, 30 ఎంబీయే ఉండొచ్చు, తెరిచాక ఇంత అవుతుంది. చర్మం సరిచేయడానికి లేయర్‌ను కాపీ చేస్తే ఇంకో 144. ఫ్రీక్వెన్సీ సెపరేషన్‌కు (చర్మం రంగునూ గరుకునూ విడదీసి సరిచేసే పద్ధతి) ఇంకో రెండు లేయర్లు. వెనక్కి వెళ్లడానికి ఫొటోషాప్ మామూలుగా 50 మెట్ల హిస్టరీ దాచిపెడుతుంది, దానికీ చోటు కావాలి. పక్కన లైట్‌రూమ్ తెరిచి ఉంటుంది, క్లయింట్ వాట్సాప్ కోసం బ్రౌజరూ ఉంటుంది. గ్రాఫిక్స్ వాటా పోగా మిగిలిన 14 జీబీ ఎంతసేపు నిలుస్తుంది? నిండగానే డిస్క్ మీద రాయడం మొదలవుతుంది, బ్రష్ మీ చెయ్యి వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది.

ఇది చోటు సంగతి. దారి సంగతి వేరే ఉంది. ప్రాసెసర్ నుంచి ర్యామ్‌కు రెండు చానళ్లు ఉంటాయి. డీడీఆర్4 3200లో ఒక్కో చానల్‌లో సెకనుకు 25.6 జీబీ వెళ్తుంది. ఒక్క స్టిక్ పెడితే రెండో చానల్ ఖాళీగా పడి ఉంటుంది. విడి గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్లకు ఈ తేడా కొంత తక్కువ. మన 5600జీలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ ఆ ఒక్క చానల్‌నే పంచుకోవాలి.

సరే, తర్వాత ఇంకోటి వేసుకుంటే? అదే కంపెనీ, అదే మోడల్ అడిగి తెచ్చినా లోపలి చిప్పులు వేరేవి ఉండొచ్చు. రెండూ విడివిడిగా 3200లో పనిచేసి, కలిపి పెడితే మొరాయించే అవకాశం ఉంది. ఒకే ప్యాకెట్‌లో జతగా వచ్చినవాటిని కంపెనీ కలిపే పరీక్షిస్తుంది. అందుకే షాపులో ‘అన్నా, పదహారు జీబీవి రెండు, ఒకే కిట్’ అని స్పష్టంగా అడగండి. వాటిని నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండో దాంట్లో, నాలుగో దాంట్లో పెట్టాలి. బోర్డు మీద ఎ2, బి2 అని రాసి ఉంటుంది. మొదటి రెండు స్లాట్లలోనే పెడితే రెండూ ఒకే చానల్‌లో పడతాయి. డబ్బు చాలకపోతే రంగుల లైట్ల ఫ్యాన్లు, గాజు క్యాబినెట్ మానేయండి. అప్పటికీ చాలకపోతే 8 జీబీ రెండు తీసుకుని, తర్వాత ఆ జత అమ్మేసి పెద్ద జత కొనండి. నా వరకు నాలుగు స్టిక్‌లు నింపడం కంటే ఇదే మేలు. బిల్లు జీఎస్టీతోనే తీసుకోండి, వారంటీకి వెళ్లినప్పుడు మీ చేతిలో ఉండాల్సింది అదే.

విండోస్ ఎక్కించడం మీకు తెలిసిందే, దాటేస్తున్నాను.

ఎస్‌ఎస్‌డీ: 2280 సైజు ఎన్‌వీఎమ్‌ఈ (బోర్డుకే బిగించే వేగమైన రకం), 1 టీబీ. స్లాటులోకి ఏటవాలుగా దోసి, చివర కిందికి నొక్కి, చిన్న స్క్రూ బిగించండి. హీట్‌సింక్ ఉంటే దాని థర్మల్ ప్యాడ్ మీది ప్లాస్టిక్ పొర పీకడం మర్చిపోకండి. లైట్‌రూమ్ కేటలాగ్ (ఫొటోల జాబితా, మీరు చేసిన మార్పుల లెక్క), ప్రివ్యూలు దీని మీదే ఉండాలి. కెమెరా రా క్యాష్ (రా ఫైళ్ల తాత్కాలిక నిల్వ) మొదట్లో 5 జీబీయే ఉంటుంది, 20కి పెంచండి. డిస్క్‌లో 100 జీబీ ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. ముగిసిన పెళ్లిళ్లు హార్డ్ డిస్క్ మీదికి, రెండు కాపీలు.

ఇంటిపని ఈసారి ఎక్కువే. కొత్త మెషీన్ మీదికి ఎవరి పెళ్లి ఫొటోలూ ఇప్పుడే ఎక్కించకండి. ర్యామ్‌లో చిన్న లోపం ఉన్నా విండోస్ హాయిగా నడుస్తుంది, ఫొటోలు మాత్రం పాడవుతాయి. జేపెగ్‌లో ఒక అడ్డగీత దగ్గర్నుంచి పెళ్లికూతురి ఎర్రచీర ఆకుపచ్చగా మారిపోతుంది, కింది సగం బూడిదరంగు పలకలా మిగులుతుంది. కెమెరా కార్డు నుంచి కాపీ చేసేటప్పుడే ఇలా జరిగి, మీరు ఆ కార్డు ఫార్మాట్ చేసేశారంటే ఆ క్షణాలు మళ్లీ రావు. అందుకని మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష సాఫ్ట్‌వేర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, ఎక్స్‌ఎమ్‌పీ ఆన్‌లో ఉంచి, నాలుగు పాస్‌లూ (పరీక్ష రౌండ్లు) పూర్తిగా నడపండి. ఉచిత వెర్షన్ నాలుగే ఇస్తుంది. 32 జీబీకి చాలా గంటలు పడుతుంది. క్యాబినెట్ మూసి, ఏసీ ఆపి, మధ్యాహ్నం మొదలుపెట్టండి, చెన్నై వేడిలో తట్టుకుంటేనే అది మనకు పనికొస్తుంది. ఒక్క ఎర్ర గీత కనిపించినా ఎక్స్‌ఎమ్‌పీ ఆపి మళ్లీ నడపండి. అప్పుడూ తప్పు చూపిస్తే ఒక్కో స్టిక్ విడిగా పరీక్షించి, దోషం ఉన్నది ఏదో తేల్చి కిట్ మొత్తం వెనక్కివ్వండి.

అది దాటాక మీవే వంద రా ఫైళ్లు తీసుకుని, ఒక్క స్టిక్‌తో ఒకసారి, రెండింటితో ఒకసారి, ఎక్స్‌ఎమ్‌పీ ఆపి ఒకసారి జేపెగ్‌లుగా ఎగుమతి చేసి, పట్టిన సమయం పుస్తకంలో రాయండి. వచ్చిన జేపెగ్‌లను 100 శాతం సైజులో పైనుంచి కిందిదాకా చూడండి.

వచ్చే పాఠం మానిటర్ మీద. అప్పటిదాకా మానిటర్ కొనకండి. ఇంట్లో టీవీ ఉంటే దానికే కలిపి ఈ పరీక్షలు పూర్తి చేయండి.