మృగశిరకు ముందే గాలం డబ్బా చూసుకోండి

మృగశిర కార్తె నాడు హైదరాబాద్ రామ్‌నగర్ చేపల మార్కెట్లో నిలబడితే, చేప దొరకడం ఇంత తేలికా అనిపిస్తుంది. వేలు చూపించిన కొరమీనును కళ్లముందే బూడిద పట్టించి తోమి, ముక్కలు కోసి సంచిలో వేస్తారు. రెండేళ్ల కిందట అదే కార్తె వెళ్లిన పది రోజులకు తమ్ముడూ నేనూ బైకు మీద కొల్లాపూర్ దగ్గరి సోమశిల వైపు వెళ్లాం. కృష్ణ నీరు వెనక్కి తగ్గిన మేరంతా ఒండ్రుమట్టి. పైన ఎండి పగుళ్లు తేలి ఉంటే గట్టినేల అనుకుని బండి దించాను. వెనక చక్రం సగం దాకా దిగబడిపోయింది. ఫోనులో సిగ్నల్ లేదు, పొద్దుగుంకింది, సన్నగా వాన మొదలైంది. అప్పుడు గుర్తొచ్చింది, సంచి అడుగున ఏడాదిన్నరగా పడి ఉన్న గాలం డబ్బా.

మూత తీస్తే దారం పిచ్చుక గూడులా చిక్కుపడి ఉంది. కొక్కేలు తుప్పుపట్టి ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. ఫోను వెలుగులో విడదీస్తుంటే ఒకటి జారి బొటనవేలి కండలో దిగింది. ఆ రాత్రి ఆ గాలానికి పడింది నేనొక్కడినే.

అందుకే వానలు మొదలయ్యేలోగా ఈ నాలుగు మాటలు. అనంతగిరికో, కోట్‌పల్లికో, నల్లమల వైపుకో వెళ్లేవారు సంచిలో గాలం పెట్టుకోవడం మంచిదే. కాని దానికి సంచిలో ఇవ్వాల్సింది ఆఖరి చోటు. తిండి లేకపోయినా ఆరోగ్యంగా ఉన్న మనిషి కొన్ని వారాలు తట్టుకోగలడు. నీళ్లు లేకపోతే మూడు రోజులు దాటడం కష్టం. ఒళ్లు తడిసి గాలికి కూర్చుంటే కొన్ని గంటలకే వణుకు మొదలవుతుంది. ముందు నీళ్లు, ప్లాస్టిక్ పట్టా, టార్చి, ఈల. అవన్నీ సర్దాక పిడికెడు చోటు మిగిలితే అది గాలానికి. చేప కోసం ఒడ్డు వెంట మైళ్లు తిరగడం మొదలుపెట్టారంటే తినబోయే దానికన్నా ఎక్కువ శక్తి నడకకే ఖర్చవుతుంది. దారం నీళ్లలో వేసి, కొమ్మకు కట్టి, మిగతా పనులు చూసుకోగలగాలి. అందుకే ఈ సరంజామా.

నేను వాడిన రేకు డబ్బా వానాకాలానికి పనికిరాదు. ఇప్పుడు నా దగ్గర ఉన్నది తిప్పే మూత గల, అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ మందుల సీసా. దారం సీసా బయట చుట్టి, పైన కరెంటు టేపు వేస్తాను. ఇందులో ఒక సుఖం ఉంది. సీసా అడుగును నీటివైపు చూపించి, బరువు కట్టిన కొసను రెండో చేత్తో విసిరితే దారం దానంతట అదే జారిపోతుంది. తిరిగి చుట్టుకోవడానికీ అదే సీసా. ఇలా చేస్తే దారాన్ని వేళ్లకు చుట్టుకునే అవసరమే రాదు. రెండు కిలోల బొచ్చె ఒక్క గుంజు గుంజితే వేలికి చుట్టిన నైలాన్ దారం బ్లేడులా కోస్తుంది. సీసా లోపల కొక్కేలు, బరువులు, వాటితోపాటు కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే తేమ పీల్చే పొట్లం ఒకటి.

దారం 20 మీటర్లు చాలు. 0.30 మిల్లీమీటర్ల మందం ఉన్న నైలాన్ దారం తీసుకోండి, ఐదారు కిలోల లాగుడుకు ఆగుతుంది. పూసలు గుచ్చే సాగుడు దారం వద్దు. సంక్రాంతికి మిగిలిపోయిన మాంజా ఉంది కదా అని నన్నడిగినవారు ఇద్దరున్నారు. చైనా మాంజా అమ్మడమూ వాడడమూ నిషేధం. ఆ సంగతి పక్కన పెట్టినా, చీకట్లో తడి చేతులతో దాన్ని పట్టుకోవాలనుకోవడం పిచ్చితనం. మామూలు నైలాన్ దారం కూడా ఎండకూ వేడికీ పెళుసవుతుంది. ఏడాదికొకసారి మార్చేయండి, పాతదాన్ని ముక్కలుగా కత్తిరించి చెత్తలో వేయండి. చెరువు గట్టున పారేస్తే కొంగల కాళ్లకు చుట్టుకుంటుంది.

కొక్కేల దగ్గర అందరూ చేసే పొరపాటు పెద్దవి కొనడం. అంకె పెరిగే కొద్దీ కొక్కెం చిన్నదవుతుందని గుర్తుంచుకోండి, 6 కన్నా 10 చిన్నది. చిన్న కొక్కేనికి పరిగె కూడా పడుతుంది, అదృష్టముంటే పెద్ద చేపా పడుతుంది. పెద్ద కొక్కేన్ని చిన్న చేప నోట్లోకే తీసుకోలేదు, చుట్టూ ఎర కొరుక్కుని పోతుంది. 10వ నంబరువి ఆరు, 6వ నంబరువి మూడు ఉంటే సరిపోతుంది. శీతలపానీయం తాగే స్ట్రాను అంగుళం ముక్కలుగా కత్తిరించి, ఒక్కో ముక్కలో ఒక్కో కొక్కెం పెట్టి, రెండు కొసలూ అగ్గిపుల్ల సెగకు మెత్తబరిచి నొక్కేయండి. తడి తగలదు, వేలికీ గుచ్చుకోదు.

ఇంకొకటి. కొక్కెం మొన వెనక వెనక్కి తిరిగిన చిన్న ముల్లు ఉంటుంది. దాన్ని పటకారుతో నొక్కి చదును చేస్తాను. ముల్లు లేకపోతే చేప తప్పించుకుంటుందని వాదించేవారు చాలామంది. నిజమే, కొన్ని పోతాయి. ఒంట్లో దిగిన కొక్కెం మాత్రం వచ్చిన దారినే బయటికి వస్తుంది. నా వేలి విషయంలో రానిది ముల్లు ఉన్నందుకే. తమ్ముడు ‘అన్నా, కదలకు’ అంటూ రెండుసార్లు లాగి చూసి, నా అరుపుకు భయపడి వదిలేశాడు. దారం కత్తిరించి, కొక్కెం కదలకుండా టేపు వేసుకుని తెల్లవార్లూ కూర్చున్నాం.

పొద్దున్నే పుట్టిలో ఒక పెద్దాయన వచ్చాడు. వేలు చూసి నవ్వలేదు. దారాన్ని రెండు మడతలు చేసి కొక్కెం వంపులో తగిలించాడు. దారం కట్టే కన్ను ఉన్న వైపును బొటనవేలితో నా చర్మానికి ఆనించి కిందికి అదిమాడు. అలా అదిమితే లోపలి ముల్లు కండను వదులుతుంది. మాట కలుపుతూనే దారాన్ని చర్మానికి సమాంతరంగా ఒక్కసారి గుంజాడు. కొక్కెం ఎక్కడికి ఎగిరిందో కూడా చూడలేదు. ఈ పద్ధతి వేలి కండకు, చేతి కండకు పనికొస్తుంది. కంటి దగ్గర, మెడ మీద, కీళ్ల దగ్గర దిగితే ముట్టుకోకుండా ఆసుపత్రికే వెళ్లాలి. ఎలా తీసినా సబ్బునీళ్లతో కడిగి, టీటీ ఇంజక్షన్ వేయించుకోవాలి. నేను కొల్లాపూర్‌లో వేయించుకున్నాను.

ఆయనే చెప్పాడు: ‘ఇది మా సంఘం నీళ్లు బిడ్డా, అడిగితే మేమే రెండు చేపలు ఇస్తాం.’ చెరువుల్లో, జలాశయాల్లో చేపలు పట్టే హక్కు చాలాచోట్ల మత్స్య సహకార సంఘాలదే. ప్రాణం మీదికి వస్తే ఎవరూ కాదనరు, సరదాకైతే మాత్రం అడిగి వేయాలి. అభయారణ్యంలో అయితే సంఘాన్ని అడిగినా చాలదు. అమ్రాబాద్, మంజీర లాంటి చోట్ల అనుమతి లేకుండా గాలం వేయడం నేరం. పైగా మంజీరలో మొసళ్లున్నాయి. వానాకాలం కార్పు జాతి చేపలు గుడ్లు పెట్టే రోజులు కూడా. పొట్ట ఉబ్బిన చేప పడితే, వేరే తిండి ఉన్నప్పుడు, వదిలేయండి.

ముడి ఒక్కటి వస్తే చాలు. దారాన్ని కొక్కెం కన్నులో దూర్చి, కొసను అసలు దారం చుట్టూ ఐదారు మెలికలు తిప్పండి. కన్ను పక్కనే చిన్న సందు మిగులుతుంది. కొసను అందులోంచి తీసి, కొత్తగా ఏర్పడిన పెద్ద సందులోంచి మళ్లీ తీయండి. బిగించే ముందు ఉమ్మితో తడపాలి. పొడిగా లాగితే రాపిడి వేడికి దారం అక్కడే బలహీనమవుతుంది. వానలో వణికే వేళ్లతో ఇది కుదరదు కాబట్టి, మూడు కొక్కేలకు మూరెడు దారం ఇంట్లోనే కట్టి ఉంచండి.

బరువుకు సీసం గుళ్లు దొరుకుతాయి. వాటిని పళ్లతో నొక్కకండి, సీసం విషం. బైకు నట్టు కట్టినా పని జరుగుతుంది. నీటి మీద తేలే బెండుకు అరిగిన హవాయి చెప్పు ముక్కను మించింది లేదు. ఎర డబ్బాలో దాచేది కాదు, అక్కడే చూసుకోవాలి. నీళ్లు మురికిగా ఉన్నప్పుడు వాసన ఉన్న ఎరే నయం, రాయి ఎత్తితే వానపాములుంటాయి. చపాతీ మిగిలి ఉంటే నలిపి, పీచు దూది కొంచెం కలిపి ముద్ద చేస్తే నీళ్లలో త్వరగా కరగదు.

అసలు ప్రమాదం ఒడ్డున ఉంది. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో ఫొటోలు దిగుతున్న మన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువన ఆనకట్ట నుంచి ఉన్నట్టుండి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. మీ నెత్తిన చినుకు పడకపోయినా ఎగువన కురిసిన వాన మీ దగ్గరికి రావచ్చు. కూర్చునే ముందు నీటి అంచున ఒక రాయి గుర్తు పెట్టుకోండి. అది మునిగినా, నీటి రంగు మారినా, పుల్లలూ నురగా కొట్టుకొస్తున్నా దారం అక్కడే వదిలేసి పైకి ఎక్కండి. ఆనకట్ట గేట్ల దిగువన అసలు కూర్చోవద్దు. ఉరుము వినబడితే నీళ్ల దగ్గరా, ఒంటరి చెట్టు కిందా ఉండకూడదు. రాత్రంతా దారం కట్టి ఉంచాలంటే బిగుసుకున్న మోడుకు కాకుండా వంగే కొమ్మకు కట్టండి, చీకటిలో చూడటానికి దిగకండి. తెల్లవారాక చూస్తే చాలు.

చేప పడ్డాక జెల్ల అయితే రెక్కల మొదట్లో ముళ్లుంటాయి, గుడ్డతో పట్టుకోవాలి. పేగులు వెంటనే తీసేయాలి, ముక్క లోపలి దాకా ఉడకాలి లేదా కాలాలి. మంచినీటి చేపను పచ్చిగా తింటే పరాన్నజీవులు వస్తాయి. హుస్సేన్ సాగర్‌లో, నగరం దాటిన మూసీలో పట్టిన చేపను ఎంత ఉడికించినా తినొద్దు. అక్కడి లోహాలు, రసాయనాలు వంటకు పోవు.

ఈ ఆదివారం సీసా దింపి, దారం కొత్తది చుట్టాను. మూత లోపల తేదీ రాసిన టేపు మార్చాను. తమ్ముడిని మేడ మీద లైటు ఆర్పేసి కూర్చోబెట్టి ముడి వేయించాను. నాలుగోసారికి నిలబడింది.