శుక్రవారం రాత్రే తేలిపోయే వీకెండ్ ఆట: ఒకే టీవీ ముందు నలుగురు ఆడాలంటే ఏమేం చూసుకోవాలి

శనివారం సాయంత్రం నలుగురినీ పిలిచి కూర్చోబెట్టాక తెర మీద ‘అప్‌డేట్ 38 జీబీ’ అని కనబడిందంటే ఆ పూట ఆట అయిపోయినట్టే. చుట్టాలు విస్తరి ముందు కూర్చున్నాక ఎసరు పెట్టినట్టుంటుంది. ఒకే టీవీ ముందు కూర్చుని ఆడే ఆటకి సగం పని శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక మొదలవ్వాలి. ల్యాప్‌టాప్‌ని టీవీకి కలిపి ఆడేవాళ్లకీ, ప్లేస్టేషన్ (పీఎస్) లాంటి కన్సోల్ ఉన్నవాళ్లకీ కింది సంగతులు పనికొస్తాయి.

డౌన్‌లోడ్ లెక్క

నెట్ ప్లాన్ మీద 100 ఎంబీపీఎస్ అని ఉంటే అవి బిట్లు. గేమ్ సైజు మాత్రం బైట్లలో ఉంటుంది. 8తో భాగిస్తే సెకనుకి 12.5 ఎంబీ వస్తుంది. అంటే 50 జీబీ ఆటకి అన్నీ సవ్యంగా ఉంటే గంటా ఏడు నిమిషాలు. 40 ఎంబీపీఎస్ ప్లాన్‌లో అదే ఆటకి 2 గంటల 47 నిమిషాలు. రూటర్ హాల్లో, ల్యాప్‌టాప్ రెండు గోడల అవతల పడగ్గదిలో ఉంటే ఈ లెక్క పనిచేయదు. ఆ ఒక్క రాత్రికి రూటర్ పక్కనే పెట్టి, వీలైతే ల్యాన్ కేబుల్ గుచ్చండి. రోజుకి 2 జీబీ ఇచ్చే ఫోన్ హాట్‌స్పాట్‌తో పెద్ద ఆటల జోలికే వెళ్లొద్దు.

రాత్రంతా డౌన్‌లోడ్ అవుతుందని పడుకుంటే పొద్దున 6 శాతం దగ్గర ఆగి ఉండటానికి మామూలుగా రెండు కారణాలు. ఒకటి, ల్యాప్‌టాప్ నిద్రలోకి జారుకోవడం. ఛార్జర్ పెట్టి, విండోస్ పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్ ‘నెవర్’ చేసి, మూత తెరిచే ఉంచండి. రెండోది, స్టీమ్‌లో (కంప్యూటర్ ఆటలు కొని దించుకునే యాప్) ఒక ఆట తెరిచి ఉంటే మిగతా డౌన్‌లోడ్లు వాటంతటవే ఆగిపోతాయి. డౌన్‌లోడ్స్ సెట్టింగ్స్‌లో ఆడుతున్నప్పుడు కూడా డౌన్‌లోడ్ కానిమ్మనే టిక్ ఉంటుంది, అది పెట్టుకోవాలి. పీఎస్ 5లో అయితే సెట్టింగ్స్, సిస్టమ్, పవర్ సేవింగ్‌లోకి వెళ్లి రెస్ట్ మోడ్‌లో ఇంటర్నెట్‌కి కనెక్ట్ అయి ఉండేలా ఆన్ చేస్తే రాత్రి తన పని తాను చేసుకుంటుంది.

ఖాళీ జాగా సంగతి చాలామంది మర్చిపోతారు. అప్‌డేట్ 10 జీబీయే అయినా, పాత ఫైళ్ల పక్కన కొత్తవి రాసుకోవడానికి అంతకు చాలా ఎక్కువ చోటు కావాలి. పీఎస్ 4లో ఇది మరీ ఎక్కువ, ఒక్కోసారి ఆట మొత్తం సైజంత ఖాళీ అడుగుతుంది. మొదట వచ్చిన పీఎస్ 5 డబ్బా మీద 825 జీబీ అని ఉన్నా మనకి మిగిలేది సుమారు 667. ఆరు నెలలుగా ముట్టని ఆటని తీసేయండి, పోయేదేం లేదు. కొన్న ఆట మళ్లీ దించుకోవచ్చు.

ఇన్‌స్టాల్ అయిపోయింది కదా అని వదిలేయొద్దు, శుక్రవారమే ఒకసారి తెరిచి చూడాలి. మొదటిసారి తెరిచినప్పుడు కొన్ని ఆటలు ఏవేవో అదనపు ఫైళ్లు పెట్టుకుంటాయి, కొన్ని షేడర్లు (బొమ్మలు గీయడానికి వాడే చిన్న ప్రోగ్రాములు) సిద్ధం చేసుకుంటూ పది నిమిషాలు తినేస్తాయి, కొన్ని వేరే కంపెనీ అకౌంట్ అడుగుతాయి. ‘ఇట్ టేక్స్ టూ’ స్టీమ్‌లో కొన్నా, దాన్ని విడుదల చేసిన ఈఏ కంపెనీ అకౌంట్ అడగొచ్చు. శనివారం నలుగురి ముందు పాస్‌వర్డ్ గుర్తుచేసుకోవడం కంటే నరకం లేదు. ఒకసారి నెట్ ఉన్నప్పుడు తెరిచిన స్టీమ్ ఆటల్లో చాలావాటిని, తర్వాత నెట్ పోయినా ఆఫ్‌లైన్ మోడ్‌లో ఆడుకోవచ్చు.

ఎవరొస్తున్నారో చూసి ఆట ఎంచుకోండి

రెండు రోజులున్నాయంటాం గానీ కూరగాయలు, బట్టలు, నిద్ర, ఫోన్లు పోగా ఆటకి దొరికేది శనివారం ఓ నాలుగు గంటలు, ఆదివారం మూడు. పేరు చూసి ఆట తీసుకునే ముందు ఈ ఏడు గంటల్లో అది ఇముడుతుందా అని చూడాలి.

ఇద్దరే అయితే ‘ఇట్ టేక్స్ టూ’ (2021) దాదాపు 12 నుంచి 14 గంటల ఆట, రెండు వీకెండ్లకి సరిపోతుంది. అది కచ్చితంగా ఇద్దరిదే. ముగ్గురొచ్చిన రోజు తీయకూడదు, మూడోవాళ్లు ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు. నలుగురికైతే ‘ఓవర్‌కుక్డ్ 2’ (2018) మంచిది. ఒక్కో రౌండ్ కొద్ది నిమిషాలే, వంటింట్లో ఎవరు తరగాలి ఎవరు గిన్నెలు కడగాలి అన్నదే గొడవ. కంట్రోలర్ పట్టని వదినగారికి కూడా అర్థమయ్యే గొడవ. కంట్రోలర్లు తక్కువపడితే ఒకదాన్నే ఇద్దరు చెరో సగం పట్టుకుని ఆడే వీలు అందులో ఉంది. కొత్తవాళ్లు ఎక్కువగా ఉంటే దీని రెండు భాగాలూ కలిపి వచ్చిన ‘ఆల్ యూ కెన్ ఈట్’లో అసిస్ట్ మోడ్ ఉంటుంది, సమయం కాస్త ఎక్కువ ఇస్తుంది.

డబ్బు పెట్టకుండా కావాలంటే కార్లతో ఫుట్‌బాల్ ఆడే ‘రాకెట్ లీగ్’. 2020 నుంచి ఉచితం, మ్యాచ్ 5 నిమిషాలు, నలుగురి దాకా తెర పంచుకోవచ్చు. కాకపోతే ఇందులో చేయి తిరగడానికి వారాలు పడుతుంది. అలవాటున్నవాడు ఒకడు, లేనివాళ్లు ముగ్గురు అయితే ఆ ఒక్కడే ఆడుకున్నట్టుంటుంది. అతణ్ణి అందరికంటే బలహీనమైనవాళ్ల జట్టులో వేయండి. ఫుట్‌బాల్ ఆటల్లో హాఫ్‌కి 4 నిమిషాలు పెట్టండి, అంతకు మించితే ఎదురుచూసేవాళ్లు లేచిపోతారు. క్రికెట్ ఆటల్లో ఇద్దరు ఆడుతుంటే మిగతా ఇద్దరు ప్రేక్షకులే. 5 ఓవర్లకి మించి పెట్టారంటే మీ చుట్టరికం మీద మీకు నమ్మకం ఎక్కువన్నట్టు.

తెర పంచుకునే ఆటల్లో టీవీ సైజు లెక్కలోకొస్తుంది. 43 అంగుళాల టీవీని నాలుగు ముక్కలు చేస్తే ఒక్కొక్కరికి 21.5 అంగుళాల మానిటర్ అంత వస్తుంది. మూడు మీటర్ల దూరంలో సోఫా ఉంటే అక్షరాలు కనబడవు. దుప్పటి పరిచి ఒకటిన్నర మీటరు దూరంలో కింద కూర్చోండి.

టీవీ

సీరియల్స్ కోసం పెట్టిన సెట్టింగ్స్‌తో ఆడితే బటన్ నొక్కాక బొమ్మ కదలడానికి తేడా తెలుస్తుంది. టీవీ ఒక్కో ఫ్రేమునీ నునుపు చేసి, రంగులు దిద్ది చూపించే ఆలస్యమది. పిక్చర్ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ పెట్టండి, ఎల్‌జీలో దాన్ని గేమ్ ఆప్టిమైజర్ అంటారు. గేమ్ మోడ్ కనబడని పాత టీవీల్లో ఆ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ పేరుని ‘పీసీ’ అని మార్చి చూడండి, చాలా మోడళ్లలో దాంతోనే ఆ దిద్దుళ్లు తగ్గుతాయి. టాస్క్‌బార్ అంచు తెగిపోయి కనబడుతుంటే ల్యాప్‌టాప్‌లో వెతకొద్దు, టీవీ పిక్చర్ సైజుని ‘జస్ట్ స్కాన్’కో ‘ఫిట్ టు స్క్రీన్’కో మార్చండి.

ల్యాప్‌టాప్‌లో విండోస్ కీ, పీ కలిపి నొక్కి ‘సెకండ్ స్క్రీన్ ఓన్లీ’ ఎంచుకోండి. టీవీ 4కే అయినా రిజల్యూషన్ 1920 బై 1080 చాలు. 4కేలో గీయాల్సిన చుక్కలు నాలుగింతలు, పైగా పాత హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు 4కేని సెకనుకి 30 ఫ్రేములకి మించి పంపలేదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్ అయితే 720కి దిగడానికి నామోషీ పడక్కర్లేదు. వైర్ లేకుండా టీవీకి కాస్ట్ చేయడం సినిమాకి బాగుంటుంది, ఆటకి పనికిరాదు. బ్లూటూత్ స్పీకరూ అంతే. గోల్ పడ్డాక శబ్దం వస్తుంది.

కంట్రోలర్లు: అసలు తలనొప్పి ఇక్కడే

‘కేబుల్ పెట్టినా కంట్రోలర్ పట్టుకోవట్లేదు’ అన్నప్పుడు ముందు కేబులే మార్చి చూడండి. పవర్ బ్యాంకులతో, చవక లైట్లతో వచ్చే కేబుళ్లలో చాలావాటికి ఛార్జింగ్ తీగలే ఉంటాయి, డేటా తీగలుండవు. లైటు వెలుగుతుంది, పని మాత్రం జరగదు. పీఎస్ 4 కంట్రోలర్‌కి మైక్రో యూఎస్‌బీ, పీఎస్ 5 కంట్రోలర్‌కి టైప్ సీ. ఫైళ్లు ఎక్కించడానికి వాడే కేబుల్‌ని విడిగా గుర్తుపెట్టి దాచుకోండి.

బ్లూటూత్‌తో కలపాలంటే పీఎస్ 4 కంట్రోలర్‌లో షేర్, పీఎస్ బటన్లు రెండూ కలిపి, పీఎస్ 5దైతే క్రియేట్, పీఎస్ బటన్లు కలిపి, లైటు గబగబా మిణుకుమనేదాకా నొక్కి ఉంచాలి. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌కి పైన చిన్న పెయిర్ బటన్ ఉంటుంది, 3 సెకన్లు. ఆ తర్వాత విండోస్ బ్లూటూత్ లిస్టులో పేరు వస్తుంది. రాకపోతే ఆ కంట్రోలర్ ఇంకా పాత కన్సోల్‌నే వెతుక్కుంటోందేమో చూడండి, పక్క గదిలో ఉన్న కన్సోల్ ప్లగ్గు తీసేస్తే సరిపోతుంది.

ఒకటి రెండు కంట్రోలర్ల దాకా ల్యాప్‌టాప్ బ్లూటూత్ మోస్తుంది. మూడోది కలిపేసరికి తడబాటు మొదలవుతుంది. కనీసం రెండింటిని వైరుకి కట్టేయండి. అయినా తెగుతుంటే, యూఎస్‌బీ 3 పోర్టులో ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఉందేమో చూడండి. అది వదిలే రేడియో రొద, బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే ఉంటుంది. డిస్క్‌ని దూరంగా జరపాలి, లేదా బ్లూటూత్ డాంగిల్‌ని అర మీటరు ఎక్స్‌టెన్షన్ వైరుతో బయటికి తేవాలి.

స్టీమ్‌లో ప్లేస్టేషన్ కంట్రోలర్ బాగా పనిచేసి, స్టీమ్ బయట కొన్న ఆటలో చలనం లేకపోతే అది చెడిపోలేదు. విండోస్ ఆటలు చాలావరకు ఎక్స్‌బాక్స్ భాషే వింటాయి. ఆ ఆటని స్టీమ్ లైబ్రరీలో ‘నాన్ స్టీమ్ గేమ్’గా చేర్చి అక్కణ్ణుంచి తెరవండి, మధ్యలో స్టీమ్ అనువాదం చేసిపెడుతుంది.

ఎవరూ ముట్టకుండానే బొమ్మ ఒక పక్కకి నడుస్తుంటే, బొటనవేలితో తిప్పే స్టిక్ అరిగింది. కొత్తది కొనేలోగా ఆట సెట్టింగ్స్‌లో డెడ్‌జోన్ (స్టిక్ ఎంత కదిలేదాకా ఆట పట్టించుకోదో ఆ హద్దు) 10, 15 శాతానికి పెంచితే వీకెండ్ గడుస్తుంది. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌కి రెండు డబుల్ ఏ బ్యాటరీలు కావాలి. పాతవీ కొత్తవీ కలపొద్దు, రీఛార్జ్ అయ్యేవి నాలుగు కొనుక్కుంటే రెండు వాడుతూ రెండు ఛార్జింగ్‌లో పెట్టొచ్చు.

కరెంటు, వేడి

ఇన్వర్టర్ వెనకో పక్కనో యూపీఎస్ మోడ్, ఎకో మోడ్ అని చిన్న స్విచ్ ఉంటుంది. ఎకోలో ఉంటే కరెంటు పోగానే ఫ్యాను ఆగకపోయినా కన్సోల్ రీస్టార్ట్ అవుతుంది, సేవ్ మధ్యలో ఉంటే ఆ ఫైలు చెడొచ్చు. యూపీఎస్ మోడ్‌లో మార్పు పది మిల్లీసెకన్ల దరిదాపుల్లో జరుగుతుంది గనక యంత్రానికి తెలియదు. పీఎస్ 5 ఆటలో ఉన్నప్పుడు సుమారు 200 వాట్లు, 43 అంగుళాల టీవీ ఓ 80 తీసుకుంటాయి. మామూలు 600 వీఏ కంప్యూటర్ యూపీఎస్ ఈ బరువు మోసేది కొద్ది నిమిషాలే, సేవ్ చేసి ఆపేయడానికి సరిపోతుంది. ఆన్‌లైన్ ఆట అయితే రూటర్‌నీ, ఫైబర్ డబ్బానీ కూడా ఇన్వర్టర్ లైనులో పెట్టాలి. అన్నీ బతికి నెట్ ఒక్కటే చచ్చిపోవడం తరచూ చూసేదే.

పీఎస్ 5కి తయారీదారు చెప్పిన గది వేడి 5 నుంచి 35 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గది ఆ గీత దాటేస్తుంది. కన్సోల్‌ని టీవీ యూనిట్ అరలోంచి బయటికి తీయండి, వెనక ఒక జానెడు ఖాళీ ఉంచండి. ల్యాప్‌టాప్‌ని పరుపు మీద పెట్టడం మానేసి, వెనక భాగం కింద రెండు సీసా మూతలు పెట్టండి. ఆట గంటయ్యాక నత్తనడక పడితే చాలాసార్లు కారణం ఆట కాదు, వేడే.

దూరాన ఉన్న బావమరిది కూడా ఆడతానంటే

హైదరాబాద్‌లో శనివారం ఉదయం 7:30 అయినప్పుడు డాలస్‌లో శుక్రవారం రాత్రి 9 (చలికాలంలో ఇక్కడ 8:30). ఇద్దరికీ కుదిరే వేళల్లో ఇదొకటి. స్టీమ్‌లో ‘రిమోట్ ప్లే టుగెదర్’ వాడితే ఆట ఒక్కరు కొంటే చాలు, రెండోవాళ్లకి తెర వీడియోలా వెళ్తుంది. కొన్నవాళ్ల అప్‌లోడ్ వేగం బాగుండాలి. అంత దూరం నుంచి బటన్ నొక్కు చేరడానికి సెకనులో అయిదో వంతు పైనే పడుతుంది కాబట్టి కొట్లాట ఆటలూ, రేసులూ వద్దు. వంతులవారీ ఆటలో, ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ లాంటి నింపాది వ్యవసాయమో పెట్టుకోండి. ‘స్ప్లిట్ ఫిక్షన్’ (2025)లో ఫ్రెండ్స్ పాస్ ఉంది. ఒకరు కొంటే రెండోవాళ్లు ఉచితంగా దించుకుని ఆడొచ్చు, ఒకరిది పీసీ ఒకరిది కన్సోల్ అయినా నడుస్తుంది.

ఆడే రోజు

వంతులు మార్చడానికి ‘ఓడినవాళ్లు లేవాలి’ అనే పాత పద్ధతి ఇంట్లో పనికిరాదు. బాగా ఆడేవాడు సాయంత్రమంతా కదలడు. గెలిచినవాళ్లే లేవాలని పెట్టండి, అందరికీ సమానంగా చేతికొస్తుంది. కొత్తవాళ్లకి మొదటి పది నిమిషాలు గెలుపోటములు లేని ప్రాక్టీస్ ఇవ్వండి. కెమెరా పైకీ కిందకీ తిరగబడినట్టు అనిపిస్తోందంటే సెట్టింగ్స్‌లో ‘ఇన్వర్ట్ వై’ (పైకీ కిందకీ దిశలు తారుమారు చేసేది) మార్చాలి, వాళ్ల తప్పు కాదు. నూనె చేతులకి తడిగుడ్డ దగ్గర ఉంచండి, మిర్చిబజ్జీ తిన్న వేలు స్టిక్ సందులోకి వెళ్తే శుభ్రం చేయడం కష్టం.

ఆదివారం మధ్యాహ్నం అందరూ నిద్రపోయాక ఒంటరిగా ఆడాలనిపిస్తే ఒకే కూర్చోటంలో ముగిసేది తీయండి. ‘ఎ షార్ట్ హైక్’ రెండు గంటలకి అటూ ఇటూ, ‘ఇన్‌సైడ్’ మూడు నాలుగు గంటలు. పుణె జట్టు నాడింగ్ హెడ్స్ చేసిన ‘రాజీ’ (2020) అయిదారు గంటలు. స్టీమ్‌లో కొన్న ఆట నచ్చకపోతే 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల లోపైతే డబ్బు వెనక్కి అడగొచ్చు. మెనూలో వదిలేసి టీ తాగొచ్చినా ఆ సమయం లెక్కలోకే వస్తుంది, జాగ్రత్త.

ఆదివారం రాత్రి ‘పదింటికి ఆపేద్దాం’ అనుకుంటే పదిన్నరవుతుంది, ఎందుకంటే ఎప్పుడూ ఒక మ్యాచ్ మధ్యలో ఉంటుంది. గడియారం కాకుండా ‘ఇంకో మూడు మ్యాచులు’ అని లెక్క పెట్టండి. రాకెట్ లీగ్‌లో స్కోరు సమమైతే గోల్ పడేదాకా ఆగదు, దానికో పది నిమిషాలు అదనంగా వేసుకోండి. లేచే ముందు సేవ్ గుర్తు తిరగడం ఆగిందో లేదో చూసి మెనూలోంచి బయటికి రండి. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ల బ్యాటరీలు తీసి ఛార్జర్‌లో, మిగతావి కేబుల్‌కి పెట్టండి. టీవీని మళ్లీ మామూలు పిక్చర్ మోడ్‌లోకి మార్చడం మర్చిపోవద్దు. సోమవారం సీరియల్ వేళకి రంగులు వెలిసిపోయినట్టు కనబడితే అడిగేది మిమ్మల్నే.