మౌంటెన్ బైకింగ్‌కి బట్టలు, రక్షణ సామగ్రి, ఫ్రేమ్ ఎలా ఎంచుకోవాలి?

మౌంటెన్ బైకింగ్ మొదలుపెట్టేవాళ్ళలో చాలామంది ముందు ఫ్రేమ్ చూస్తారు. రంగు నచ్చుతుంది, బడ్జెట్ అంతా అక్కడే అయిపోతుంది, మిగిలిన చిల్లరతో హెల్మెట్ కొంటారు. నేనూ అదే చేశాను. మోకాలి ప్యాడ్లయితే షాపులో అద్దం ముందు నిలబడి చూసుకుని, బాగానే ఉన్నాయనుకుని తెచ్చుకున్నాను. మొదటిరోజు సగం ఎత్తు ఎక్కేసరికి రెండూ జారి పిక్కల మీదకు చేరాయి. దిగేటప్పుడు ముందు చక్రం ఇసుకలో జారి పడ్డాను. పిక్కకి ఏమీ కాలేదు, మోకాలి చిప్ప మాత్రం గీరుకుపోయింది.

అప్పటినుంచి ఏది కొన్నా తొక్కే భంగిమలోనే చూస్తాను. చేతులు ముందుకు చాచి, నడుము వంచి, మోకాళ్ళు మడిచి. షార్ట్స్ దగ్గర్నుంచి ఫ్రేమ్ దాకా అన్నిటికీ ఇదే పరీక్ష.

1. ముందు దారి తేల్చుకోండి

మౌంటెన్ బైక్ అని ఒకే పేరుతో పిలుస్తాం గానీ అందులో చాలా రకాలున్నాయి. మట్టిదారుల్లో గంటలకొద్దీ ఎక్కుతూ దిగుతూ పోయేది క్రాస్ కంట్రీ. దానికి రాళ్ళు, చెట్ల వేర్లు, చిన్న చిన్న గెంతులు తోడైతే ట్రైల్. ఎలాగోలా పైకి చేరుకుని, అసలు సరదా అంతా నిటారు దిగుడులో వెతుక్కునేది ఎండ్యూరో. లిఫ్టులోనో బండిలోనో పైకి వెళ్ళి, కిందికి మాత్రమే తొక్కేది డౌన్‌హిల్. వీటి మధ్య తేడా ట్రావెల్‌లో తెలిసిపోతుంది. రాయో గుంతో తగిలినప్పుడు సస్పెన్షన్ వల్ల చక్రం ఎంత మేర కదలగలదో అదే ట్రావెల్. క్రాస్ కంట్రీకి మామూలుగా 100 నుంచి 120 మిల్లీమీటర్లు, ట్రైల్‌కి 120 నుంచి 150, ఎండ్యూరోకి 150 నుంచి 180, డౌన్‌హిల్‌కి 200 దాకా ఉంటుంది.

వీడియోల్లో చూసిన దారిని కాదు, వచ్చే ఆరు నెలలు మీరు నిజంగా తొక్కబోయే దారిని లెక్కలోకి తీసుకోండి. మెత్తటి మట్టిదారికి 170 మిల్లీమీటర్ల ఫ్రేమ్ కొన్నారనుకోండి, ఎత్తు వచ్చిన ప్రతిసారీ ఆ బరువు లాగాల్సింది మీ కాళ్ళే.

2. హెల్మెట్

కనుబొమలకు రెండు వేళ్ళ పైన టేపు చుట్టి, తల చుట్టుకొలత సెంటీమీటర్లలో తీసుకోండి. సైజు దీన్నిబట్టే తెలుస్తుంది, కానీ ఆకారం తెలియదు. కొందరి తల గుండ్రం, కొందరిది కోల. సైజు సరిపోయినా నుదురు నొక్కేస్తూ కణతల దగ్గర ఖాళీ ఉంటే ఆ మోడల్ మీ తలకి కాదు. వాడగా వాడగా సర్దుకుంటుందని అమ్మేవాళ్ళు అంటారు. లోపలి గట్టి ఫోమ్ సర్దుకోదు.

పెట్టి చూసేటప్పుడు గడ్డం కింది పట్టీ వదిలేసి, వెనక ఉన్న చక్రం తిప్పి బిగించి, తల అటూ ఇటూ ఊపండి. హెల్మెట్‌తోపాటు నుదుటి చర్మం కూడా కదిలితే పట్టు ఉన్నట్టు. చర్మం కదలకుండా హెల్మెట్ ఒక్కటే జారితే ఒక సైజు తగ్గించండి. తర్వాత పట్టీ పెట్టుకుని నడుము వంచి, తల ఎత్తి పది మీటర్ల దూరం చూడండి. హెల్మెట్ వెనక అంచు మెడకి గుచ్చుకుంటోందా? ముందు అంచు చూపుకి అడ్డొస్తోందా? నిటారుగా నిలబడితే ఈ రెండూ బయటపడవు.

లోపల అతికించిన లేబుల్ చదవండి. ఐరోపా ప్రమాణం ఈఎన్ 1078, అమెరికాది సీపీఎస్‌సీ. ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. గడ్డం దాకా కప్పే ఫుల్‌ఫేస్ హెల్మెట్‌కి కూడా ఒక్క ఈఎన్ 1078 ముద్రే ఉండొచ్చు. ఆ పరీక్షలో గడ్డం ముందుండే కడ్డీ బలం చూడరు. అది చూసేది ఏఎస్‌టీఎం ఎఫ్1952 అనే డౌన్‌హిల్ ప్రమాణం. ఫుల్‌ఫేస్ కొంటుంటే ఆ అంకె కోసం వెతకండి.

మిప్స్ లాంటి పొర ఉంటే మంచిదే. తల ఏటవాలుగా నేలను తాకినప్పుడు లోపలి పొర 10 నుంచి 15 మిల్లీమీటర్లు జరిగి, మెదడుకి చేరే మెలితిప్పుడును కొంత తగ్గించేలా దాన్ని తయారుచేశారు. అయితే వదులుగా ఉన్న మిప్స్ హెల్మెట్ కన్నా సరిగ్గా పట్టే మామూలు హెల్మెట్టే నయం. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి ఎంత బాగున్నా పక్కన పడేయండి. ఫోమ్ నలగడం ద్వారానే దెబ్బను మింగుతుంది, నలిగింది మళ్ళీ ఉబ్బదు. సెకండ్ హ్యాండ్ హెల్మెట్ వద్దనేదీ ఇందుకే. దాని చరిత్ర మనకి తెలియదు కదా.

క్రాస్ కంట్రీకి, ట్రైల్‌కి తల వెనక భాగాన్ని కిందిదాకా కప్పే మామూలు హెల్మెట్ చాలు. డౌన్‌హిల్‌కైతే ఫుల్‌ఫేసే. ఎండ్యూరో దారులు నిటారుగా ఉంటే అక్కడా అదే మేలు.

3. ప్యాడ్లు, గ్లోవ్స్, అద్దాలు

మోకాలి ప్యాడ్లు కొనేటప్పుడు మోకాలి చిప్పకి పది సెంటీమీటర్ల పైన తొడ చుట్టుకొలత, అంతే కింద పిక్క చుట్టుకొలత తీసుకుని కంపెనీ చార్టుతో పోల్చండి. వేసుకున్నాక ఇరవై గుంజీలు తీయండి. షాపులో నలుగురూ చూస్తారని మొహమాటపడొద్దు. తీశాక ప్యాడ్ మధ్యభాగం ఇంకా చిప్ప మీదే ఉండాలి, మోకాలి వెనక మడతలో గుడ్డ గుచ్చుకోకూడదు. పై అంచు లోపల సిలికాన్ చుక్కలున్నవి జారడం తక్కువ.

గట్టి ప్లాస్టిక్ చిప్పలున్నవి రాళ్ళ మీద గీరుకుంటూ జారిపోతాయి, డౌన్‌హిల్‌కి బాగుంటాయి. రోజంతా తొక్కడానికి డీత్రీవో లాంటి పదార్థంతో చేసినవి హాయి. వేలితో నొక్కితే బంకమట్టిలా మెత్తగా ఉంటుంది, దెబ్బ వేగంగా తగిలితే ఆ క్షణానికి గట్టిపడుతుంది. లేబుల్ మీద ఈఎన్ 1621-1 అని, దాని పక్కన లెవల్ 1 లేదా 2 అని ఉంటుంది. ఇది మోటార్‌సైకిల్ దుస్తుల ప్రమాణం, సైకిల్ ప్యాడ్లకీ వాడుతున్నారు. ఒకే దెబ్బ వేసినప్పుడు ప్యాడ్ దాటి ఒంటికి చేరే బలం సగటున లెవల్ 1లో 35 కిలోన్యూటన్లు, లెవల్ 2లో 20 మించకూడదు. లెవల్ 2వి సాధారణంగా మందంగా, వేడిగా ఉంటాయి. వేడికి తట్టుకోలేక విప్పి బ్యాగులో పెట్టుకునే లెవల్ 2 కన్నా కాళ్ళ మీద ఉండే లెవల్ 1 మేలని నా అభిప్రాయం.

మోచేతి ప్యాడ్లు, వీపు కవచం రాళ్ళ దిగుళ్ళకి, బైక్ పార్కులకి. మామూలు ట్రైల్‌కి తప్పనిసరి కాదు.

గ్లోవ్స్ మాత్రం వేళ్ళు మొత్తం కప్పేవే తీసుకోండి. పడబోయేటప్పుడు అందరమూ ముందు అరచెయ్యే ఆనిస్తాం. అరచేతి వైపు దళసరి మెత్త ఉంటే హ్యాండిల్ పట్టు తెలియదు, పలచనిదే మంచిది. పిడికిలి బిగించి చూడండి, వేళ్ళ మధ్య గుడ్డ ముడత పడితే బొబ్బ కూడా అక్కడే లేస్తుంది. కళ్ళజోడుకి చెట్ల నీడలో తొక్కేవాళ్ళు తెల్ల అద్దం తీసుకోండి. నల్ల అద్దంతో నీడలోకి వెళ్తే వేర్లు కనబడవు.

4. బట్టలు

కాటన్ టీషర్టుని ఇంట్లోనే ఉంచండి. చెమట పీల్చుకుని తడిగా ఒంటికి అంటుకుంటుంది, దిగేటప్పుడు గాలి తగలగానే వణుకు పుట్టిస్తుంది. పాలిస్టర్ జెర్సీ త్వరగా ఆరుతుంది, మెరీనో ఉన్ని వాసన పట్టదు. చలికి ఒక్క దళసరి కోటు కన్నా మూడు పలచటి పొరలు నయం. ఎక్కేటప్పుడు ఒకటి విప్పొచ్చు, దిగేటప్పుడు మళ్ళీ వేసుకోవచ్చు.

షార్ట్స్ విషయంలో రెండు పొరల పద్ధతి పాటించండి. లోపల ఒంటికి పట్టే ప్యాడ్ ఉన్న లైనర్, పైన వదులుగా గట్టి గుడ్డ షార్ట్స్. లైనర్ కింద లోదుస్తులు వేసుకోకూడదు. కొత్తవాళ్ళు సిగ్గుపడి వేసుకుంటారు, రెండు గంటలకి కుట్లు ఒరుసుకుని నడవలేకపోతారు. వంగి చూసినప్పుడు షార్ట్స్ నడుము వెనక కిందికి దిగకూడదు, మోకాలు మడిస్తే కింది అంచు ప్యాడ్ పై అంచుని కప్పాలి. ఈ రెండింటి మధ్య చర్మం కనబడితే ముళ్ళకంపలన్నీ అక్కడే గీరుతాయి.

బూట్ల అడుగు పెడల్‌ని బట్టి ఉంటుంది. ఫ్లాట్ పెడల్‌కి మెత్తటి రబ్బరు అడుగున్నవి, బూటుని పట్టి ఉంచే క్లిప్ పెడల్‌కి రెండు బోల్టుల క్లీట్ (పెడల్‌లో ఇరుక్కునే ముక్క) బిగించే గట్టి అడుగువి. నేర్చుకునే రోజుల్లో ఫ్లాట్ పెడలే మంచిది, కాలు వెంటనే నేలకి ఆనుతుంది.

5. ఫ్రేమ్

1976లో కాలిఫోర్నియాలోని ఫెయిర్‌ఫాక్స్ దగ్గర రీప్యాక్ అనే కొండదారిలో పోటీలు మొదలుపెట్టిన కుర్రాళ్ళు జీన్స్ ప్యాంట్లతో, పాత బరువైన సైకిళ్ళతోనే దిగారు. ఆ ఫ్రేమ్‌లు విరుగుతుంటే చూసి, 1977లో వాళ్ళలో ఒకడైన జో బ్రీజ్ క్రోమోలీ ఉక్కు గొట్టాలతో ఈ పనికోసమే ఒక ఫ్రేమ్ కట్టాడు. ఇప్పుడు దుకాణాల్లో ఎక్కువగా కనిపించేది అల్యూమినియం. ధర, బరువు, బలం మూడూ కుదిరేది అదే. కార్బన్ తేలిక, కానీ పదునైన రాయి తగిలితే లోపలి పొరలు విడిపోవచ్చు, పైకి చిన్న గీతే కనిపిస్తుంది. క్రోమోలీ బరువెక్కువ, కానీ గతుకుల్లో కాస్త సాగినట్టు మెత్తగా ఉంటుంది. టైటానియం తుప్పు పట్టదు, ధర మాత్రం గుండె గుభేలుమనిపిస్తుంది. మొదటి ఫ్రేమ్‌కి అల్యూమినియం హార్డ్‌టెయిల్, అంటే ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్నది తీసుకోమంటాను. వెనక సస్పెన్షన్ ఉంటే బేరింగులు, షాక్ సర్వీసు అని ఖర్చు తగులుకుంటూనే ఉంటుంది.

లోహం కన్నా కొలతలు ముఖ్యం. సైజు అక్షరాన్ని నమ్మొద్దు. ఒక కంపెనీ మీడియం రీచ్ 440 మిల్లీమీటర్లుంటే మరో కంపెనీ మీడియం 460 దాటొచ్చు. పెడల్ ఇరుసు (రెండు పెడల్ కడ్డీలూ తిరిగే ఫ్రేమ్ మధ్య ఇరుసు) నుంచి హ్యాండిల్ గొట్టం (హెడ్ ట్యూబ్) పై అంచు దాకా అడ్డంగా కొలిచేదే రీచ్. దీన్ని సీటు మీద కూర్చుని కాదు, పెడళ్ళ మీద లేచి నిలబడి, మోచేతులు మడిచి చూడాలి. ఛాతీ హ్యాండిల్ మీదకి ఒరిగిపోతుంటే ఫ్రేమ్ చిన్నది. చేతులు పూర్తిగా చాచితేగానీ అందకపోతే పెద్దది.

తర్వాత హెడ్ యాంగిల్, అంటే హెడ్ ట్యూబ్ నేలతో చేసే కోణం. 68 డిగ్రీల దగ్గరున్నది మలుపుల్లో చురుగ్గా తిరుగుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు చెప్పినట్టు వింటుంది. 64 దగ్గరున్నది నిటారు దిగుడులో కుదురుగా ఉంటుంది, నెమ్మదిగా ఎక్కేటప్పుడు ముందు చక్రం అటూ ఇటూ ఊగుతుంది. ఫ్రేమ్‌కి చెప్పినదానికన్నా 20 మిల్లీమీటర్లు పొడవైన ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే భాగం) వేస్తే ఈ కోణం దాదాపు ఒక డిగ్రీ వాలిపోతుంది, హెడ్ ట్యూబ్ మీద భారమూ పెరుగుతుంది. కంపెనీ చెప్పిన గరిష్ఠ పరిమితి దాటొద్దు, దాటితే వారంటీ కూడా పోవచ్చు.

ఫ్రేమ్ మీద ఏఎస్‌టీఎం వర్గం 3, 4, 5 అని అంకె ఉందేమో చూడండి. 3 అంటే సుమారు 60 సెంటీమీటర్లలోపు గెంతులకి, 4 అంటే 120 దాకా, 5 అంటే అంతకు మించినవాటికి.

వాడిన ఫ్రేమ్ కొంటుంటే పగటి వెలుతురులో, తుడిచి, హెడ్ ట్యూబ్ కింద వెల్డింగు, పెడల్ ఇరుసు చుట్టూ, సీటు బిగింపు వెనక భాగం వేలిగోటితో గీకుతూ చూడండి. గోరు తట్టుకున్న ప్రతి గీతనీ అనుమానించండి. కార్బన్‌ని నాణెంతో తట్టుతూ పోండి, ఒకచోట శబ్దం ఉన్నట్టుండి మొద్దుగా మారితే ఆ ఫ్రేమ్ వదిలేయండి. వెనక చక్రాన్ని పట్టుకుని పక్కకి ఊపితే టక్కుమనే కదలిక ఉంటే చక్రం ఇరుసో, ఫ్రేమ్ బేరింగులో అరిగినట్టు.

ఒట్టి ఫ్రేమ్ కొని పాత సామాన్లు బిగించుకోవాలనుకుంటే మూడు కొలతలు కాగితం మీద రాసుకుని వెళ్ళండి: వెనక ఇరుసు వెడల్పు 142 మిల్లీమీటర్లా లేక ఇప్పుడు మామూలైపోయిన బూస్ట్ 148 మిల్లీమీటర్లా, సీట్ పోస్ట్ వ్యాసం 30.9నా 31.6నా, పెడల్ ఇరుసు బేరింగులు మరలతో బిగించేవా నొక్కి దించేవా. సీట్ పోస్ట్‌లో ఆ 0.7 మిల్లీమీటర్ల తేడా చాలు, పాత పోస్ట్ కొత్త గొట్టంలో దిగదు, లేదా వదులుగా ఆడుతుంది.