రెస్టారెంట్ భోజనం గురించి ఉన్నదున్నట్టు రాయడం ఎలా?

బయట భోంచేసి వచ్చిన మర్నాడు ఆ భోజనం గురించి రాద్దామని కూర్చుంటే మొట్టమొదట మోసం చేసేది మన జ్ఞాపకమే. బాగుందని గుర్తుంటుంది కానీ ఏది బాగుందో గుర్తుండదు. ఆలస్యమైందన్న చిరాకు మిగులుతుంది కానీ ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో మిగలదు. అలా మిగిలిన నాలుగు ముక్కలకు ఉప్పూకారం అద్ది రాసేస్తే, దాన్ని నమ్మి డబ్బు పెట్టి వెళ్లేవారికీ, పొద్దుటినుంచి పొయ్యి దగ్గర నిలబడి వండినవారికీ అన్యాయమే జరుగుతుంది. నా మటుకు నేను ఒకసారి నోటుపుస్తకం తెరవకుండానే చిత్తుప్రతి రాసి, అందులో ముప్పావుగంట ఎదురుచూశామని ధీమాగా పెట్టాను. తరువాత పుస్తకం చూస్తే ఆర్డర్ ఇచ్చింది ఒంటిగంటా పది నిమిషాలకు, మొదటి పళ్లెం వచ్చింది ఒంటిగంటా ముప్పైరెండుకు. ఆకలి మీద ఉన్నవాడికి ఇరవైరెండు నిమిషాలు ముప్పావుగంటలా అనిపించడం సహజమే, అయినా ఆ వాక్యం అబద్ధం. అప్పటినుంచి టేబుల్ దగ్గర రాసుకోనిది సమీక్షలో రాయకూడదన్న నియమం పెట్టుకున్నాను.

రాయడానికి ముందు వెళ్లే పద్ధతి సరిగా ఉండాలి. వీలైతే మీరు రాయబోతున్నారన్న సంగతి అక్కడివారికి తెలియనివ్వకండి, బిల్లు మీరే కట్టండి. ఇది పెద్ద పత్రికలకు మాత్రమే వర్తించే నియమం కాదు. 1957లో న్యూయార్క్ టైమ్స్‌లో ఆహార విభాగం సంపాదకుడిగా చేరిన క్రెగ్ క్లెయిబోర్న్, సమీక్షకుడు తానెవరో చెప్పకుండా వెళ్లాలని, ఒకటికి రెండుమూడుసార్లు తిన్నాకే రాయాలని, ఖర్చు పత్రికే భరించాలని పెట్టుకున్న పద్ధతులు ఈ పనికి పునాది వేశాయి. రెస్టారెంట్లకు స్టార్లు ఇచ్చే మిషెలిన్ గైడ్ తనిఖీదారులు నేటికీ పేరు బయటపెట్టకుండా, బిల్లు కట్టే తింటారు. ఈ జాగ్రత్త ఎందుకో 1993లో న్యూయార్క్ టైమ్స్ విమర్శకురాలు రూత్ రైకల్ కళ్లకు కట్టినట్టు చూపించారు. ఒక పేరుమోసిన రెస్టారెంట్‌కు ఎవరికీ తెలియని మనిషిగా వెళ్లినప్పుడు ఎదురైన నిర్లక్ష్యాన్నీ, విమర్శకురాలని గుర్తుపట్టాక దక్కిన రాజమర్యాదనూ ఒకే సమీక్షలో పక్కపక్కన పెట్టి రాశారు. రెండోది మాత్రమే రాసి ఉంటే మామూలు పాఠకుడికి దానివల్ల ఏ ఉపయోగమూ ఉండేది కాదు. యజమాని మీకు తెలిసినవాడైనా, పళ్లెమొకటి ఉచితంగా పంపినా, ఆ విషయం మొదటి పేరాలోనే చెప్పండి; అలా చెప్పలేకపోతే ఆ భోజనం గురించి రాయకుండా ఊరుకోవడం మేలు.

వెళ్లేముందు ఇతరుల అభిప్రాయాలు చదవకండి. ఉప్పెక్కువ అని చదివి వెళ్లినవారి నాలుక ఉప్పునే వెతుకుతుంది. జలుబు చేసి ఉంటే ఆ రోజు తినండి కానీ రాయకండి, ఎందుకంటే మనం రుచి అనుకునేదానిలో చాలా భాగం నోటి వెనుకనుంచి ముక్కుకు చేరే వాసనే. ముక్కు మూసుకుపోతే తీపి, పులుపు, ఉప్పు, చేదు, 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునాయె ఇకెడా గుర్తించిన ఉమామి (మాంసం పులుసులో తెలిసేలాంటి కమ్మదనం), ఈ ఐదూ తెలుస్తాయి కానీ ఒక దినుసుకూ మరో దినుసుకూ తేడా తెలియదు. చెవులు హోరెత్తే గదిలో తీపీ ఉప్పూ కాస్త తక్కువగా తోస్తాయి కాబట్టి, రుచి చప్పగా ఉందని రాసేముందు గది ఎంత గోలగా ఉందో కూడా రాసుకోండి.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు మూడు రకాలు కలిసేలా చూసుకోవాలి. ఒకటి ఆ వంటింటికి పేరు తెచ్చినది, ఒకటి ఎవరైనా వండగలిగిన సాదాసీదాది, ఒకటి చేయి తిరిగినవారికే కుదిరేది. ఈ మూడింటిలో నేను ఎక్కువ నమ్మేది సాదాసీదా వంటకాన్నే, ఎందుకంటే మసాలాల వెనుక దాక్కోవడానికి దానికి చోటుండదు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లి తలా ఒకటి తెప్పించుకుని పంచుకుంటే మరిన్ని వంటకాలు రుచి చూడవచ్చు. అయితే తోటివారి అభిప్రాయాన్ని వారి అభిప్రాయంగానే రాయండి.

పళ్లెం వచ్చాక చేయవలసిన పని మాత్రం ఓపికగా చేయాలి. ఒక వేపుడు వచ్చిందనుకోండి. ముందు పళ్లెం అంచు తాకి చూడండి. అంచు వేడిగా ఉండి వేపుడు గోరువెచ్చగా ఉంటే, వేడి పళ్లెంలో వడ్డించారు కానీ వంటకం మాత్రం పక్కన పెట్టి ఉంచినదై ఉండవచ్చు. మొదటి ముక్క కొరికినప్పుడు పైపొర చిట్లిన చప్పుడు వినబడిందా, పంటికి సాగిందా గమనించండి. కొరికిన చోట లోపలినుంచి ఆవిరి వచ్చిందా, నూనె కారిందా చూడండి. ఇప్పుడు ఒక ముక్క పక్కన పెట్టి, పది నిమిషాల తరువాత మళ్లీ తినండి. వేడి మీద అన్నీ బాగుంటాయి, చల్లారాకే అసలు సంగతి బయటపడుతుంది. ముక్క కింద మెరిసే నూనె మడుగు, మెత్తబడిపోయిన పొర, అప్పటిదాకా తెలియని ఉప్పు, ఇవన్నీ పది నిమిషాల తరువాత కనబడేవే. వీటిని అప్పటికప్పుడు ఫోనులోనో చిన్న పుస్తకంలోనో రెండు మూడు మాటల్లో రాసుకోండి, మెనూనూ బిల్లునూ ఫోటో తీసుకోండి. వంటకాల పేర్లు, ధరలు తప్పుగా రాసిన సమీక్షలో మిగతాది ఎంత నిజమైనా పాఠకుడు నమ్మడు, నమ్మనక్కర్లేదు కూడా.

చూసినదానినీ తేల్చినదానినీ విడివిడిగా పెట్టడం ఈ పనిలో అన్నిటికన్నా కష్టమని నా అభిప్రాయం. "ముక్క మధ్యలో పచ్చిగా ఉంది" అనేది చూసినది. "వంటమనిషికి శ్రద్ధ లేదు" అనేది మనం ఊహించినది, ఆ మనిషి ఆ పూట ఒంటరిగా నలభైమందికి వండుతూ ఉండవచ్చు. "పాచిపోయినది పెట్టారు" అనడం ఆరోపణ, "పుల్లటి వాసన వచ్చింది, చెప్పగానే మార్చి తెచ్చారు" అనడం సాక్ష్యం. అలాగే మన ఇష్టాయిష్టాలను వంట లోపాలుగా చూపించకూడదు. కారం అంతగా తినలేనివారు ఆ మాట ముందే చెప్పుకుంటే, కారం ఇష్టపడేవారికి ఆ సమీక్షే ఆహ్వానపత్రిక అవుతుంది. "అద్భుతం", "అధ్వానం" అనే మాటలు చేతికి రాగానే ఆగి, ఏ ముద్ద దగ్గర అలా అనిపించిందో గుర్తుచేసుకుని ఆ ముద్దనే వర్ణించండి.

కడుపు చెడిన సందర్భంలో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. ఆహారంవల్ల వచ్చే జబ్బులన్నీ ఒకే వేళకు బయటపడవు. స్టెఫైలోకాకస్ అనే బాక్టీరియా విషంవల్ల అరగంటనుంచి ఎనిమిది గంటల్లో వాంతులు మొదలుకావచ్చు, సాల్మొనెల్లా అనే మరో బాక్టీరియా అయితే ఆరు గంటలనుంచి ఆరు రోజుల వరకూ పట్టవచ్చు. కాబట్టి చివరగా ఎక్కడ తిన్నామో అక్కడిదే తప్పని తేల్చేయడం సరికాదు. కలిసి తిన్నవారందరికీ ఒకేలా వస్తే వైద్యుడికి చూపించి, ఆహార భద్రత అధికారులకు ఫిర్యాదు చేయండి, ఎందుకంటే నమూనాలు తీసి పరీక్షించే అధికారం వారిది.

వడ్డన గురించి రాసేటప్పుడు వంటింటి ఆలస్యాన్ని సర్వర్ మీద రుద్దకండి. ఆలస్యమవుతుందని ఆ మనిషి వచ్చి చెప్పారా, మంచినీళ్లు అడక్కుండానే నింపారా, తప్పు చూపించినప్పుడు ఏం చేశారు అన్నవి చూడండి. పేరు, రూపురేఖలు రాసి ఒక ఉద్యోగిని పదిమందిలో నిలబెట్టడం నాకు ఏనాడూ న్యాయంగా తోచలేదు. మెచ్చుకునేటప్పుడు సరే కానీ తప్పు పట్టేటప్పుడు "మా టేబుల్ చూసినవారు" అంటే సరిపోతుంది. లోపం కనబడిన వెంటనే అక్కడే మర్యాదగా చెప్పండి. అక్కడ నోరు మెదపకుండా ఇంటికి వచ్చి విరుచుకుపడితే, దిద్దుకునే అవకాశం వారికీ లేకుండా పోతుంది, లోపం ఎదురైనప్పుడు ఆ చోటు ఎలా ప్రవర్తిస్తుందన్న విలువైన సమాచారం పాఠకుడికీ అందకుండా పోతుంది.

స్టార్లు ఇవ్వవలసి వస్తే దేనికి ఇస్తున్నారో చెప్పండి. మిషెలిన్ 1926లో స్టార్లు మొదలుపెట్టి, 1931లో వాటిని మూడు అంచెలు చేసింది. ఆ స్టార్లకు అలంకరణతోనూ వడ్డనతోనూ సంబంధం లేదు, పళ్లెంలో ఉన్నదానికే అవి దక్కుతాయి. మీరు పార్కింగ్ దొరకలేదని ఒక స్టారు తగ్గిస్తే వంట చెడిందని చదివేవారు అనుకుంటారు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన మైఖేల్ లూకా సియాటిల్ నగరం లెక్కలు తీసి 2011లో వెలువరించిన పరిశోధనలో, జనం సమీక్షలు రాసే యెల్ప్ వెబ్‌సైటులో రేటింగ్ ఒక స్టారు పెరిగితే రెస్టారెంట్ ఆదాయం 5 నుంచి 9 శాతం పెరుగుతుందని తేలింది. ఆ ప్రభావం ఒకే పేరుతో చాలా శాఖలు నడిపే గొలుసు సంస్థల మీద కనబడలేదు, సొంతంగా నడిపే చిన్న చోట్ల మీదే కనబడింది. మీ వీధి చివర రెస్టారెంట్‌కు మీరు వేసే ఒక్క స్టారు బరువు అంత.

ఒక్కసారే తిని రాస్తే, ఒక్కసారే తిన్నానని, ఏ రోజు ఏ పూట తిన్నారో రాయండి. బాగాలేదని రాయబోయేముందు మాత్రం రెండోసారి వెళ్లండి, వీలైతే రద్దీ లేని పూట వెళ్లి అదే వంటకం తెప్పించుకోండి. రెండుసార్లూ అదే లోపం కనబడితే నిస్సంకోచంగా, మెత్తబరచకుండా రాయండి. జాలిపడి దాచిపెట్టడమూ పాఠకుడిని మోసం చేయడమే. రెండోసారి బాగుంటే మొదటిసారి జరిగినది చెరిపేయకుండా, రెండు తేదీలూ వేసి రెండూ రాయండి. కొన్ని నెలల తరువాత వంటమనిషి మారారనో ధరలు పెరిగాయనో తెలిస్తే పాత సమీక్ష మీదే ఆ తేదీతో ఒక వాక్యం చేర్చండి.